మిరుగం నీళ్ళు

తెలుగు పండితుడు గాలాల గురించి వ్రాయబూనడమేమిటని మిత్రులు నవ్వుకోవచ్చు. అమరకోశం వారివర్గంలో రోహితము, శకులము, శఫరి అంటూ చేపల పేర్లు వల్లె వేసినవాణ్ణే గాని, వాటిలో ఏది ఏ చేపో మా గురువుగారు చెప్పలేదు. నేను కూడా నా విద్యార్థులకు చెప్పలేదు. చేపల చదువు నాకు అబ్బింది వేరొక బడిలో. జహీరాబాదుకు రెండు కోసుల దూరంలో ఉన్న మా ఊరి చెరువు గట్టే ఆ బడి. అక్కడ వలలు బాగుచేసుకుంటూ కూర్చునే ముసలాయన ఒకరుండేవారు. ఊరందరికీ ఆయన తాతే, నాకూ తాతే.

మా వైపు మృగశిర కార్తెను మిరుగం అంటారు. జూన్ 7నో 8నో వస్తుంది. ఆనాడు చేప తినాలని తెలంగాణ అంతటా ఆచారం. తినని ఇళ్ళవారు ఇంగువను బెల్లంలో కలిపి మింగుతారు. ఎండలు పోయి వానలు దిగే వేళ ఒంటికి కాస్త వేడి కావాలని పెద్దలు చెప్పే కారణం. నాకు మాత్రం మరొక కారణం తోస్తుంది, ఇది నా ఊహ మాత్రమే. ఆ రోజుల్లో చేప తనంతట తానే చేతికి వస్తుంది. మా జహీరాబాదు నేలలు ఎర్రనివి. తొలకరి వరద ఆ ఎర్రమట్టిని కడుపులో పెట్టుకొని చెరువులోకి దిగుతుంటే, ఎండాకాలమంతా అడుగుమడుగులో నక్కి ఉన్న పరకలు, జెల్లలు కొత్తనీటికి ఎదురెక్కుతాయి. మోకాలి లోతు కాలువలో వెదురుబుట్ట అడ్డం పెట్టి కూర్చుంటే చాలు, నేర్పుతో పని లేదు. ఆ చేపల పొట్ట నిండా గుడ్లుంటాయన్న సంగతి తినేటప్పుడు గాని మాకు తట్టేది కాదు. తట్టినా సంతోషమే, గుడ్ల వేపుడుకు ఇంట్లో పోటీ ఉండేది మరి.

కొరమీను సంగతి వేరు. బొమ్మె అని కూడా అంటాము. 2016లో తెలంగాణ ప్రభుత్వం దానిని రాష్ట్ర చేపగా ప్రకటించినప్పుడు నాకు పాత స్నేహితునికి సన్మానం జరిగినట్లనిపించింది. మొప్పలున్నా దానికి నీటిలోని గాలి చాలదు. నడుమ నడుమ పైకి వచ్చి గుటకవేసినట్లు గాలి మింగి పోవలసిందే. అందుకే చెరువు ఎండి బురద మిగిలినా కొంతకాలం ప్రాణం నిలుపుకోగలదు. తాత నీటి మీద చూపు నిలిపి, ఆ గుటక ఎక్కడ పడిందో, మళ్ళీ ఎంతసేపటికి పడిందో చూసుకొని, చేప ఎంతటిదో, ఎటు పోతున్నదో చెప్పేవాడు. నేను నూరు లెక్కపెట్టేలోపల అది చెప్పిన చోటనే లేచేది.

ఆయన గాలం వేసే తీరు చెప్తాను. వానపాము గుచ్చి జొన్నబెండు కట్టి వేసే గాలం పిల్లలది, దానికి పరకలు పడతాయి. కొరమీనుకు కప్పపిల్ల కావాలి. తొడ కండలో, ప్రాణం పోకుండా గాలం గుచ్చాలి. బెండు ఉండదు, దారం మందంగా ఉండాలి. పొడవాటి వెదురుకట్టెతో కప్పను గడ్డిదుబ్బుల అంచున నీటి మీద ఆనీ ఆననట్లు ఆడించాలి. చేప అందుకోగానే లాగకూడదు. అది ఎరను పట్టుకొని కాస్త పోతుంది. పోనిచ్చి, దారం బిగిసిన తరువాత ఒక్క గుంజు. తొందరపడితే కప్ప తిరిగి వస్తుంది గాని చేప రాదు. నా చేతికి ఎన్నిసార్లు ఉత్త కప్ప తిరిగి వచ్చిందో లెక్కలేదు. ఒక్క మాట మాత్రం ఆయన ప్రతి ఏటా చెప్పేవాడు: "పిలగా, ఎర్ర పిల్లలు కనవడ్డకాడ గాలమెయ్యకు." ఎందుకని నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

1968వ సంవత్సరం, నాకు పదకొండేళ్ళు. ఆరుద్ర కార్తెలో చెరువు సగం నిండింది. నీరు తేరుకున్నది. తుంగ మొలిచిన మూలన, చేటంత మేర నీరు ఎర్రగా కదులుతూ కనిపించింది. దగ్గరకు పోతే వేలకొద్దీ చేపపిల్లలు, కుంకుమ రంగులో, అగ్గిపుల్ల కంటె చిన్నవి. గుంపంతా ఒక్కసారి పైకి వచ్చి గాలి పీల్చి, చినుకులు పడినట్లు నీటిని చిట్లించి మళ్ళీ దిగుతున్నది. తాత ఆనాడు గట్టు మీద లేడు. నేను కప్పను ఆ గుంపు నడుమ దింపాను.

ఆడించే పనే పడలేదు. కింది నుండి నల్లనిదొకటి విసురుగా వచ్చి కప్పను కొట్టింది, పోయింది, మళ్ళీ వచ్చి కొట్టింది. మూడవసారి గాలం దిగింది. నా మోచేతి నుండి వేళ్ళ కొసల దాకా ఉన్న చేప. ఊరి నడుమ నుండి, చూసేవారు చూడాలని, చుట్టుదారిన ఇంటికి తెచ్చాను. నాయనమ్మ చింతపులుసు పెట్టింది.

మర్నాడు ఇంకొకటి దొరకవచ్చని అక్కడికే పోయాను. ఎర్రని గుంపు చెదిరిపోయి పిడికెడు పిడికెడుగా అక్కడక్కడా తిరుగుతున్నది. పరకలు కింది నుండి పొడుస్తున్నాయి. తుంగ మీద లకుముకి పిట్ట, ఒడ్డున రెండు కొంగలు. నేను రాళ్ళు విసిరి కొంగలను తోలాను. అవి లేచి నాలుగు బారల అవతల వాలాయి. ఎంతసేపని తోలను? తాత వచ్చి నా వెనుక నిలబడ్డాడు. తిట్టలేదు. "అది ఆకలై రాలే బిడ్డా. కప్ప తన పిల్లల్ని తింటదని కొట్టొచ్చింది," అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఆ తరువాత కూడా ఆయన పక్కనే కూర్చున్నాను, గాలం వేశాను, చేపలు తిన్నాను. గొప్పలు చెప్పుకోవడానికేమీ లేదు. కొరమీను గుడ్ల నుండి పిల్లలు కాస్త ఎదిగేదాకా కాపలా కాస్తుందనీ, ఆ కాపలాలో మగచేపదే పెద్ద పాలనీ చాలా ఏళ్ళకు పుస్తకాలలో చదివాను. అప్పటిదాకా నేను పట్టినది తల్లి అనే అనుకున్నాను.

ఇదంతా మళ్ళీ గుర్తుకు రావడానికి కారణం, వింతగా, అమెరికా. 2019 మే నెలలో మిన్నెసోటాలో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వెళ్ళాము. కెనడా సరిహద్దుకు చేరువలో ఎలీ అనే ఊరున్నది, చుట్టూ సరస్సులే. చలికాలమంతా గడ్డకట్టి ఉండి అప్పుడప్పుడే కరిగినవి. ఆ నెల రెండవ శనివారం అక్కడివారికి పండుగ. ఆనాడు వాలై అనే చేపను పట్టడానికి తలుపులు తెరుస్తారు. ఆ రాష్ట్రానికి 1965 నుండి అదే రాష్ట్ర చేప. నా పేర కూడా లైసెన్సు తీసి, చలికి నాలుగు చొక్కాలు తొడిగి పడవలో కూర్చోబెట్టారు.

పద్ధతులు నాకు ఎంత తెలిసినవిగా తోచాయో! సీసపు తల గల చిన్న గాలానికి బతికిన చిరుచేపను గుచ్చి, అడుగున గులకరాళ్ళ మీద నెమ్మదిగా ఎత్తుతూ దించుతూ ఉండాలి. వాగు సరస్సులో కలిసే చోటు, లోతు తక్కువ నీరు మంచిది. వాలై కంటి వెనుక వెలుగును తిప్పికొట్టే పొర ఉంటుంది. అందుచేత మసకచీకటిలో దానికి చూపు ఎక్కువ, సాయంకాలమే గాలానికి పడుతుంది. ఆ సరస్సులోనే లేక్ ట్రౌట్ అనే మరో చేప ఉన్నది. దానికి పది డిగ్రీల చల్లదనం ఇష్టమట. ఎండలు ముదిరితే లోతుకు దిగిపోతుంది గాని, మే నెలలో పైనీరు కూడా చల్లనిదే గనుక పైపైనే తిరుగుతుంది. చెంచావంటి మెరిసే రేకును పడవ వెనుక మెల్లగా ఈడ్చుకుంటూ పోతే దానికి చిక్కుతుంది. నాకైతే ఏదీ చిక్కలేదు. అబ్బాయికి రెండు వాలైలు పడ్డాయి.

శనివారం దాకా ఎందుకు ఆగాలి, మంచు కరిగినది ముందే కదా అని అడిగాను. మంచు కరగగానే వాలై గుడ్లు పెడుతుంది నాన్నా, ఆ పని అయ్యాకనే తెరుస్తారు అన్నాడు. ఫిబ్రవరి చివర మూసిన తలుపు అది. అప్పటి నియమం ప్రకారం ఒక మనిషి ఆరుకు మించి ఉంచుకోరాదు, ఇరవై అంగుళాలు దాటినది ఒక్కటే. గుడ్లు ఎక్కువగా పెట్టేవి పెద్ద ఆడచేపలు కనుక. ట్రౌటయితే గుడ్లు పెట్టేదే శరత్తులో, వసంతంలో పడితే ఆ చిక్కు లేదు. తమాషా ఏమంటే వాలై గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుంది, పిల్లల ముఖం చూడదు. దాని పిల్లలకోసం అంత పెద్ద రాష్ట్రం సుమారు రెండున్నర నెలలు చేతులు కట్టుకొని కూర్చుంటుంది. మన తూర్పు తీరంలోనూ 2015 నుండి ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవలు సముద్రంలోకి పోవడం లేదు. మా చెరువు గట్టున మాత్రం అటువంటి మాట తాత నోట తప్ప నేను వినలేదు. మన మొదటి వేట సరిగ్గా గుడ్ల కాలంతోనే మొదలవుతుంది. ఆచారమని దానిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు, మిరుగం నాటి పులుసు మీద ఆశా చావలేదు.

2024 జూన్ చివర మనవడు వచ్చాడు. వాడికి పదకొండేళ్ళు. అక్కడి నుండి మడతపెట్టే గాలపుకర్ర కూడా తెచ్చుకున్నాడు. చెరువుకు తీసుకుపోయాను. తుంగ ఇప్పుడు ఆ మూలన లేదు, మత్తడి వైపు పెరిగింది. వాడే ముందు చూశాడు: "తాతా, అక్కడ నీళ్ళు ఎర్రగా ఉన్నాయి!"

కారణం చెప్పకుండా వద్దనడం ఎటువంటిదో నాకు తెలుసు. వాణ్ణి గట్టు మీద కూర్చోబెట్టి 1968 సంగతి చెప్పాను, కొంగలతో సహా. వాడు చాలాసేపు ఆ గుంపునే చూశాడు. పెద్దచేప ఒకసారి గుటక వేసి దిగింది. మళ్ళీ ఎప్పుడు లేస్తుందని అడిగితే, నూరు లెక్కపెట్టమన్నాను. వాడు ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. డెబ్భై మూడు దగ్గర లేచింది.