బోర్డు మారింది... మైదానం మాటేమిటి?

పానకాల స్వామికి ఎంత పానకం పోసినా సగమే తాగి, మిగతా సగం భక్తుడికే వదిలేస్తాడని మంగళగిరిలో నమ్మకం. ఆ కొండ దిగి నవులూరు వైపు మళ్లితే కాసేపట్లోనే మరో పెద్ద కట్టడం కనిపిస్తుంది. అదే ఆంధ్ర క్రికెట్ అసోసియేషన్ స్టేడియం. దీనికీ ఏళ్ల తరబడి పోస్తూనే ఉన్నారు. ఇది ఎంత తాగిందో, తిరిగి ఎంత ఇచ్చిందో ఊళ్లో క్రికెట్ పిచ్చి ఉన్న ఎవరినడిగినా ఓ లెక్క చెబుతారు. ఏ ఇద్దరి లెక్కా కలవదు!

ఈ స్టేడియం చూడాలనుకునేవారు నేరుగా జాతీయ రహదారి మీద వచ్చేయవచ్చు. కానీ వీలుంటే అమరావతి నుంచి కృష్ణ ఒడ్డు వెంబడి రండి. అమరేశ్వరుడి గుడి దగ్గర బయల్దేరితే రాయపూడి, ఉద్దండరాయునిపాలెం, మందడం దాటి, కృష్ణాయపాలెం, ఎర్రబాలెం మీదుగా నవులూరు చేరతారు. ఒకప్పుడు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి వదిలి అమరావతికి మకాం మార్చాడు. ఆయన రాకతో ఊరు లేచింది. ఆ ఊరి కట్టడాల కోసమే బౌద్ధ స్తూపం రాళ్లూ కదిలాయి. 1797లో కల్నల్ మెకంజీ వచ్చి చూసేసరికే దిబ్బ తవ్వకం మొదలైపోయింది. మంగళగిరిలో దిగువ సన్నిధి ముందున్న పదకొండు అంతస్తుల గాలిగోపురమూ ఆ నాయుడుగారి చలవే. పైన కూర్చునే మనిషి మారితే కింద నేల ఎలా మారుతుందో ఈ ప్రాంతానికి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు.

దారిలో అది కళ్లకు కడుతుంది. పత్తి, మిర్చి, కూరగాయలు పండిన భూముల్ని 2015లో రాజధాని కోసం సమీకరించారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రావడంతో పనులు ఆగి, రోడ్ల పక్కన తుమ్మ చెట్లు మొలిచాయి. 2025 మే 2న ప్రధాని చేతుల మీదుగా మళ్లీ పనులు మొదలయ్యాయి. పదేళ్లలో ఇన్ని మలుపులు చూసిన ఊళ్లలో ఏ కుర్చీలో ఎవరు కూర్చున్నారన్నది పేపర్లో ఎక్కడో మూలన పడి ఉండే వార్త కాదు. అది క్రికెట్ సంఘం కుర్చీ అయినా సరే.

అలాంటి వార్తే 2024లో వచ్చింది.

ఆ ఏడాది జనవరిలో విశాఖలో బెంగాల్‌తో రంజీ మ్యాచ్ అయ్యాక ఆంధ్ర కెప్టెన్సీ నుంచి హనుమ విహారి తప్పుకున్నాడు. సొంత కారణాలని అప్పట్లో చెప్పారు. ఫిబ్రవరి 26న ఇండోర్‌లో మధ్యప్రదేశ్ చేతిలో నాలుగు పరుగుల తేడాతో క్వార్టర్ ఫైనల్ ఓడిన రోజునే విహారి అసలు మాట బయటపెట్టాడు. ఓ ఆటగాడిని మందలించినందుకు అతని తండ్రి, ఒక రాజకీయ నాయకుడు, సంఘానికి ఫిర్యాదు చేశాడనీ, తన తప్పు లేకపోయినా కెప్టెన్సీ వదలమన్నారనీ, ఆత్మగౌరవం పోయిన చోట ఇక ఎప్పటికీ ఆడననీ రాశాడు. విహారి దురుసుగా మాట్లాడాడని తమకు ఫిర్యాదులు వచ్చాయని సంఘం తన వాదన వినిపించింది.

ఈ విహారి ఎవరో క్రికెట్ చూడని ఇల్లాళ్లకూ గుర్తుండే ఉంటుంది. 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరం పట్టేసి, పరుగెత్తలేని స్థితిలో 161 బంతులు ఎదుర్కొని టెస్టును కాపాడినవాడు. రెండేళ్ల తర్వాత ఇదే మధ్యప్రదేశ్ మీద, మణికట్టు విరిగితే ఎడమచేతి వాటంగా నిలబడి ఆంధ్ర కోసం బ్యాటింగ్ చేసినవాడు. అలాంటివాడు రాష్ట్రం విడిచిపోతానంటే గుంటూరు, విజయవాడ కుర్రాళ్లకు రోషం రాకుండా ఉంటుందా! ఆట గొడవ కాస్తా ఎన్నికల గొడవలో కలిసిపోయింది.

జూన్‌లో ప్రభుత్వం మారింది. విహారి వచ్చి మంగళగిరి ఎమ్మెల్యే, మంత్రి నారా లోకేశ్‌ను కలిశాడు. ఆంధ్రకే ఆడతానన్నాడు. ఆగస్టులో పి.శరత్‌చంద్రారెడ్డి అధ్యక్షుడిగా ఉన్న ఏసీఏ కార్యవర్గం మొత్తం రాజీనామా చేసింది. సెప్టెంబరు 8న విజయవాడ ఎంపీ కేశినేని శివనాథ్ అధ్యక్షుడిగా, సానా సతీష్‌బాబు కార్యదర్శిగా కొత్త కార్యవర్గం ఏకగ్రీవంగా ఎన్నికైంది. అప్పటికి విజయవాడలో బుడమేరు వరద వచ్చి వారమే అయింది. సింగ్‌నగర్‌లో జనం ఇంకా ఇళ్లలో బురద ఎత్తిపోసుకుంటున్నారు. అయినా టీ కొట్ల దగ్గర బోర్డు ముచ్చట ఆగలేదు.

ఆ ముచ్చట రెండు గొంతులతో సాగింది. ఒకటి సంబరం. ‘మనోడు’ తిరిగొచ్చాడు, అధ్యక్షుడు పక్క ఊరి ఎంపీ, ఇక నవులూరు స్టేడియానికి మంచి రోజులొచ్చినట్టే అని. రెండోది నిట్టూర్పు. కాస్త వయసు మళ్లిన అభిమానులది. వాళ్లు తేదీలు గుర్తు చేస్తారు. 2019 మేలో ప్రభుత్వం మారింది, సెప్టెంబరులో ఏసీఏకు కొత్త కార్యవర్గం వచ్చింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది, సెప్టెంబరులో మళ్లీ కొత్త కార్యవర్గం. 2019లో దేశమంతటా రాష్ట్ర సంఘాలకు సుప్రీంకోర్టు నియమించిన పాలకుల కమిటీ పెట్టిన గడువు ప్రకారమే ఎన్నికలు జరిగాయన్నది నిజమే. ఆ మాట చెప్పినా వాళ్లు ఒప్పుకోరు. సెప్టెంబరు సెప్టెంబరే కదా అంటారు!

నాకైతే రెండో గొంతులోనే ఆట మీద ప్రేమ ఎక్కువ వినిపించింది.

ఎందుకంటే ఈ పాత అభిమానుల జ్ఞాపకం చాలా దూరం పోతుంది. ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ ఆడిన 1953-54లో దానికి కెప్టెన్ సీకే నాయుడు. భారత తొలి టెస్టు కెప్టెన్. అక్కణ్నుంచి లెక్కపెడితే 2024-25 సీజన్ దాకా రంజీ ట్రోఫీ ఒక్కసారీ రాలేదు. వీళ్లు పెట్టుకునే మరో లెక్క గుంటూరు లెక్క. 2019 ఏప్రిల్‌లో ప్రపంచకప్ జట్టును ఎంపిక చేసిన కమిటీకి అధ్యక్షుడు గుంటూరువాడైన ఎమ్మెస్కే ప్రసాద్. జట్టులో చోటు దక్కనిది గుంటూరులోనే పుట్టిన అంబటి రాయుడికి. త్రీడీ కళ్లద్దాలు కొనుక్కున్నానని రాయుడు వేసిన చురక అప్పట్లో దేశమంతా నవ్వుకుంది. గుంటూరులో మాత్రం నవ్వలేక, తిట్టలేక నలిగిపోయారు. కుర్చీలో మనవాడుంటే చాలనుకునేవాళ్లకు అంతకు మించిన పాఠం ఏముంటుంది?

ఇంతకీ ఆ కుర్చీ ఎవరికి ఇవ్వాలో తేల్చేదెవరు? జిల్లా సంఘాలు, క్లబ్బులు, వాటి ప్రతినిధులు. టికెట్టు కొని ఎండలో కూర్చునేవాడికి ఓటు లేదు. లోధా కమిటీ సిఫార్సుల్లో చాలావాటిని సుప్రీంకోర్టు 2016 జులైలో ఆమోదించాక మంత్రులు, 70 ఏళ్లు దాటినవారు బోర్డుల్లోకి రాకుండా అడ్డుకట్ట పడింది. ఎంపీలకు ఆ అడ్డు లేదు. అభిమానికి చోటు అప్పుడూ దొరకలేదు.

ఫుట్‌బాల్ లోకం కొంత నయం. స్పెయిన్‌లో బార్సిలోనా క్లబ్బుకు యజమాని అంటూ ఒకడు లేడు. లక్షకు పైగా సభ్యులే యజమానులు. 2021 మార్చిలో వాళ్లు వరసల్లో నిలబడి ఓట్లేసి లపోర్తాను అధ్యక్షుణ్ని చేసుకున్నారు. జర్మనీలో క్లబ్బు ఓట్లలో సగానికి పైగా సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమం ఉంది. ఇంగ్లండులో అలా లేదు. 2005లో మాంచెస్టర్ యునైటెడ్‌ను అమెరికాకు చెందిన గ్లేజర్ కుటుంబం కొనేసినప్పుడు ఒళ్లు మండిన కొందరు అభిమానులు బయటకొచ్చి సొంతంగా మరో క్లబ్బే పెట్టుకున్నారు.

మన హైదరాబాద్ ఫుట్‌బాల్ అభిమానుల కథ ఇంకా చేదు. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ కప్పు తెచ్చింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపిన రాత్రి అది. ఆ తర్వాత జీతాల బకాయిలు, ఆటగాళ్ల వలస. 2024లో యాజమాన్యం చేతులు మారింది. కొత్త దొరలొచ్చారు, బతికిపోయాం అని గచ్చిబౌలి స్టేడియానికి వచ్చేవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. యాజమాన్యం మారడం అంటే ఊరే మారడం కూడా కావచ్చని అప్పుడు తెలిసింది.

అలాగని నియామకాలన్నీ ఒకటే అనలేం. అదే హైదరాబాద్‌లో 1943లో ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఓ బడిపంతులు వచ్చాడు. సయ్యద్ అబ్దుల్ రహీం. 1963లో కన్నుమూసే దాకా ఆ పదవిలోనే ఉన్నాడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. ఆ పంతులుగారు పొద్దున్నే మైదానంలో ఉండేవాడు. తేడా అక్కడుంది.

సరే, నవులూరుకే వద్దాం. కొత్త కార్యవర్గం వచ్చాక ఏం జరిగింది? 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో విశాఖ కుర్రాడు నితీశ్‌కుమార్ రెడ్డి సెంచరీ కొడితే సంఘం వెంటనే 25 లక్షల నజరానా ప్రకటించింది. 2025 అక్టోబరులో విశాఖ స్టేడియంలో ఓ స్టాండుకు మిథాలీ రాజ్ పేరు, ఓ గేటుకు వికెట్‌కీపర్ రావి కల్పన పేరు పెట్టారు. స్మృతి మంధాన మాటల సందర్భంలో అడిగిన కోరిక అది. ఇది మాత్రం మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. ఆటో నడిపే తండ్రి కూతురు కల్పన పేరు గేటు మీద చదివి లోపలికి వెళ్లే ఆడపిల్లకు ఎంత ధైర్యం! మరుసటి నెలలోనే కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉంది.

మరోపక్క, అమరావతి క్రీడానగరంలో లక్ష మందికి పైగా కూర్చునే స్టేడియం కడతామన్న మాట 2025లో వచ్చింది. దాంతో అభిమానుల గుండె కాస్త గతుక్కుమంది. పక్కనే నవులూరుది ఉండగా మరొకటా? పెద్దది వస్తే చిన్నదాని గతేమిటి? ఈ ప్రాంతంలో చివరి పురుషుల అంతర్జాతీయ వన్డే 2002 నవంబరు 24న విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో జరిగింది. వెస్టిండీస్ మనల్ని 135 పరుగులతో చిత్తు చేసింది. అప్పుడు నాన్న భుజాల మీదెక్కి చూసినవాళ్లు ఇప్పుడు తమ పిల్లల్ని ఎత్తుకునే వయసుకొచ్చారు. 2016 నవంబరులో కృష్ణకు అవతలి గట్టున మూలపాడులో భారత మహిళలు వెస్టిండీస్‌తో ఆడారు. నవులూరులో 2025 ముగిసే దాకా ఒక్క అంతర్జాతీయ మ్యాచ్ కూడా జరగలేదు.

అయితే ఇక్కడ ఏమీ పండలేదనడం అన్యాయం. మంగళగిరి అకాడమీలో ఆట నేర్చిన గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ 2022 అండర్-19 ప్రపంచకప్‌లో భారత జట్టుకు వైస్ కెప్టెన్. సెమీస్‌లో ఆస్ట్రేలియా మీద 94, ఫైనల్లో ఇంగ్లండ్ మీద 50 చేశాడు. 2025 ఏప్రిల్‌లో చెన్నై సూపర్ కింగ్స్ తరఫున ఐపీఎల్‌లో అడుగుపెట్టాడు. గుంటూరు నుంచి మంగళగిరి 20 కిలోమీటర్లు. ఆ దూరం రోజూ తిరిగే పిల్లలకు గ్యాలరీలో ఎన్ని కుర్చీలున్నాయన్నది పట్టదు. నెట్స్ ఉన్నాయా, పిచ్ మీద నీళ్లు కొట్టారా, సెలెక్షన్ జాబితాలో పేరు న్యాయంగా వస్తుందా అన్నదే వాళ్ల బెంగ. బోర్డు మీద ఇంట్లోవాళ్ల కోపతాపాలన్నీ చివరికి ఆ జాబితా చుట్టూనే తిరుగుతాయి. విహారి గొడవ మొదలైంది కూడా అక్కడి నుంచే కదా, ఏ కుర్రాడి వెనక ఎవరున్నారన్న దగ్గర.

విహారి సంగతంటారా? 2024-25లో ఆంధ్రకే ఆడాడు. 2025 ఆగస్టులో శివనాథ్ మళ్లీ ఏకగ్రీవంగా అధ్యక్షుడయ్యారు. ఆ సీజన్‌కు విహారి త్రిపురకు వెళ్లిపోయాడు. తిరిగొచ్చినప్పుడు బాణసంచా కాల్చినంత పనిచేసినవాళ్లు వెళ్లేటప్పుడు పెద్దగా ఏమీ అనలేదు.

వెళ్లాలనుకుంటే చలికాలం మంచిది. పొద్దున్నే పానకాల స్వామిని చూసుకుని, గాలిగోపురం కింద నిలబడి మెడలు నొప్పెట్టేలా పైకి చూసి, మంగళగిరి చీర ఒకటి బేరమాడి, ఎండ ముదరకముందే నవులూరు చేరండి. జిల్లా కుర్రాళ్ల మ్యాచ్ ఏదైనా ఉంటే అదృష్టం. గట్టు మీద మీతో పాటు పది మందే ఉంటారు. బౌండరీ కొట్టినవాడి తండ్రి ఎవరో మీకే తెలిసిపోతుంది. చప్పట్లు కొట్టకుండా, పళ్లు బిగించి కూర్చుని ఉంటాడు.