కారుకు తలంటు

మా ఇంటికి కారు వచ్చి ఆరేళ్ళయింది. నేను కూడబెట్టిన దానికి మూడింతలు బ్యాంకువారు కలిపితే వచ్చిన కారది. నల్లరంగు. నలుపు ఎందుకండీ అని అప్పుడే ఒకరిద్దరు పెద్దమనుషులు అడగకపోలేదు గాని, "కాటుకలా ఎంత బాగుందో!" అని మా ఆవిడ ముచ్చటపడింది. పలనాటి దుమ్ములో కాటుక ఎన్నాళ్ళు నిలుస్తుందని ఆలోచించే తీరిక ఆ రోజున మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

అది మొదలు ప్రతి ఆదివారం ఉదయం నాకు కారు సేవ. కాఫీ తాగి, పాతపంచె ఒకటి చింపి, బట్టల సబ్బుపొడి బొకెనలో కలిపి, బోరునీళ్ళతో మొదలుపెట్టేవాణ్ణి. కుడివైపు కడిగేసరికి ఎడమవైపు ఎండలో ఆరిపోయేది. ఆరినచోట పొడిపంచెతో గట్టిగా రుద్దేవాణ్ణి. ఎదురింటివారు అరుగు మీద కూర్చుని, "లెక్చరరు గారి శ్రద్ధే శ్రద్ధ!" అనేవారు. ఆ మాటకు ఇంకో రెండుసార్లు రుద్దేవాణ్ణి.

ఆ శ్రద్ధే నా కారుకు మృత్యువైందని నాకు మొన్న వానాకాలం దాకా తెలియదు.

గుంటూరు నుంచి చుట్టాలు వచ్చారు. పలనాడు వచ్చిన చుట్టాలకు చూపించవలసినవి మాకు మూడే. మాచర్ల చెన్నకేశవస్వామి గుడి, సాగర్ ఆనకట్ట, ఎత్తిపోతల. వానలు బాగా పడ్డ ఏడు గనక ఎత్తిపోతల మంచి ఊపు మీద ఉంది. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు కలిసి ఒక్కుమ్మడిగా డెబ్బై అడుగుల కిందికి దూకుతున్నాయి. అవతలి గట్టు మీద నుంచుంటే ఆ హోరులో పక్కవాడి మాట వినపడదు. కింది మడుగులో మొసళ్ళున్నాయంటే చుట్టాల పిల్లలు కమ్మీలు పట్టుకుని కదలరు. మొసలి కనపడేదాకా వెళ్ళం అన్నారు. మొసలి కనపడలేదు, పొద్దు మాత్రం గూకింది.

తిరుగు ప్రయాణంలో మసకచీకటి. మాచర్ల రోడ్డు మీద ఎదురుగా లారీ వచ్చింది. దాని దీపాల వెలుతురు నా ముందరి అద్దం మీద పడేసరికి అద్దమంతా ఒక్కసారిగా తెల్లగా పూసింది. అద్దం మీద ఎన్ని చుక్కలున్నాయో అన్నీ దీపాలైనాయి. లారీ దాటిపోయేదాకా నాకు రోడ్డు లేదు. మా ఆవిడ కెవ్వున అరిచింది. బ్రేకు తొక్కాను. బండి ఆగినచోటికి బారెడు దూరంలో మేకల మంద, దాని వెనక ఒక ముసలాయన. ఆయన తాపీగా మేకల్ని అవతలికి తోలి, నా దగ్గరికి వచ్చి, కర్రతో బానెట్ మీద తట్టి, "కళ్ళు కనపడవా అయ్యా?" అన్నాడు.

కళ్ళు కనపడతాయి. అద్దమే కనపడనివ్వలేదు. ఆ మాట ఆయనతో ఏమని చెప్పను? ఇల్లు చేరేదాకా కారులో ఎవరూ నోరు విప్పలేదు.

మర్నాడే బయలుదేరాను. ఎత్తిపోతలకు తిరిగే అడ్డరోడ్డుకు ఇవతల ఒక రేకుల షెడ్డుంది. హైదరాబాదు నుంచి వచ్చే యాత్రికుల కార్లు అక్కడ ఆగి కడిగించుకుంటూండటం చూశాను. కొత్తగా సిరామిక్ కోటింగు కూడా వేస్తామని బోర్డు పెట్టారు. సిరామిక్ అంటే పింగాణీ గదా, కారుకు పింగాణీ పూత ఏమిటని నాకు అనుమానం. షెడ్డు యజమాని పాతికేళ్ళు దాటిన కుర్రవాడు. నన్ను చూసి నమస్కారం పెట్టి, అనుమానం తీర్చాడు. అది పింగాణీ కాదు, ఇసుకలోనూ గాజులోనూ ఉండే సిలికాయే. ద్రవరూపంలో పూస్తే ఆరి, గట్టిపడి, రంగును అంటిపెట్టుకుంటుంది. మందం ఒకటి రెండు మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం డెబ్బై మైక్రాన్ల దాకా ఉంటుందట, లెక్క చూసుకోండి.

"అయితే పూసెయ్యి బాబూ, మధ్యాహ్నం నాకు క్లాసుంది" అన్నాను.

కుర్రవాడు నవ్వాడు. "పూత గంట పని మాస్టారూ. పూతకు ముందు పని రెండు రోజులు. కింద ఏముంటే అది పూత కిందే ఉండిపోతుంది. మురికుంటే మురికి, గీతలుంటే గీతలు. అన్నీ అద్దాలబీరువాలో పెట్టి తాళం వేసినట్టే."

నా కారులో మురికేముంది, ప్రతి ఆదివారం కడుగుతున్నానని కొంచెం కోపంగానే అన్నాను. అతను మారుమాట్లాడకుండా ఒక పల్చటి పాలిథిన్ సంచీ తెచ్చి నా చేతికి తొడిగి, "బానెట్ మీద మెల్లిగా పోనివ్వండి" అన్నాడు. పోనిచ్చాను. కంటికి అద్దంలా ఉన్న బానెట్ చేతికి ఉప్పుకాగితంలా తగిలింది! ఉత్త చేతికి తెలియని గరుకు సంచీ తొడుక్కుంటే తెలుస్తుందని నా నలభై ఆరో ఏట తెలిసింది.

ఆ మధ్యాహ్నం క్లాసుకు సెలవు పెట్టి షెడ్డులో స్టూలు వేసుకు కూర్చున్నాను.

మొదట చక్రాలు, తర్వాత పైభాగం, ఆఖరున కింది అంచులు. రెండు బొకెనలు. ఒకదానిలో సబ్బునీళ్ళు, రెండోది చేతితొడుగు జాడించడానికి. జాడించకుండా మళ్ళీ సబ్బులో ముంచితే మట్టిరేణువులు తిరిగి కారు మీదికే వస్తాయి. (నాకు ఆరేళ్ళుగా ఒక్కటే బొకెన.) తారుచుక్కలు కరగడానికి ఒక ద్రావకం. తర్వాత ఇంకో నీళ్ళలాంటి మందు చల్లాడు. చూస్తూండగా తలుపుల మీది నుంచి నేరేడుపండు రంగు ధారలు కారడం మొదలుపెట్టాయి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. బ్రేకు పట్టినప్పుడల్లా రాలే ఇనుపరజను రంగులో గుచ్చుకుని ఉంటుందనీ, మందు దాన్ని పట్టుకుని రంగు మారుతుందనీ చెప్పాడు. ఆ తర్వాత బంకమట్టి. చూడటానికి మట్టిముద్దే, మైనంలా సాగుతుంది. సబ్బునీళ్ళు చల్లుకుంటూ దానితో అడుగడుగునా నిమురుతుంటే మా చిన్నప్పుడు భోగినాడు అమ్మ నలుగుపిండి పెట్టి ఒళ్ళు రుద్దడం గుర్తొచ్చింది. ముద్ద తిరగేసి చూపించాడు. నల్లగా ఉంది.

ఇక నీటి మచ్చలు. ఇక్కడ కొంచెం ఆగవలసి ఉంది. శ్రీనాథుడు మా సీమ రాళ్ళనూ, నీళ్ళనూ, జొన్నకూడునూ ఎత్తిపొడిచినట్టు ఆయన పేర చాటువులున్నాయి. పలనాటివాణ్ణి గనక క్లాసులో ఆ పద్యాలు వచ్చినప్పుడల్లా మహాకవి మీద కొంచెం అలిగేవాణ్ణి. రాళ్ళూ నీళ్ళూ వేరువేరు తప్పులు కావని నాకు షెడ్డులో తెలిసింది. మాది సున్నపురాతి నేల. భూమిలోకి ఇంకిన నీరు ఆ రాతిని కొంచెం కొంచెం కరిగించి తనలో కలుపుకుంటుంది. నీరు ఆవిరైతే రాయి మిగులుతుంది. బెలుం గుహల్లో, బొర్రా గుహల్లో చుక్కచుక్కగా రాతిస్తంభాలు కట్టినదీ ఇలా నీటిలో కరిగిన రాయే. నేను ప్రతి ఆదివారం ఎండలో బోరునీళ్ళు పోసి ఆరబెట్టి, నా కారు అద్దం మీద ఆరేళ్ళుగా గుహలు కట్టుకుంటున్నానన్నమాట! శ్రీనాథుడికి కారు లేదు గనక సరిపోయింది గాని, ఉంటే ఇంకో చాటువు చెప్పి ఉండేవాడు.

రాతిచుక్కకు విరుగుడు ఆమ్లం. పల్చటిది, నీడలో, కొంచెంసేపు మాత్రమే, వెంటనే కడిగెయ్యాలి. ఆఖరి కడుగుడుకు అతను బోరునీళ్ళు వాడలేదు. రేకుల మీది వాననీళ్ళు డ్రమ్ముల్లో పట్టి వడగట్టి ఉంచుకున్నాడు. "ఇందులో రాయి ఉండదు మాస్టారూ" అన్నాడు.

షట్టరు దించి దీపం వేశాడు. నల్లరంగు మీద సాలెగూడు! లక్ష సన్నటి గీతలు దీపం చుట్టూ గుండ్రంగా తిరిగి ఉన్నాయి. అవి పాతపంచె వేసినవి. పొడిదుమ్మును పొడిగుడ్డతో రుద్దడమంటే మనం గీస్తూపోవడమే. అరచేతిలో పట్టే మీటరు పెట్టి మందం చూశాడు. నూట పది మైక్రాన్లు. అందులో పైనుండే పారదర్శకపు పొర నలభై యాభైకి మించదట. గీతలు పోవాలంటే ఆ పొరనే కొద్దిగా అరగదీయాలి. "ఎంత తక్కువ తీస్తే అంత మంచిది. తీసింది మళ్ళీ రాదు" అంటూ రబ్బరు అంచులకు నీలం టేపు అంటించడం మొదలుపెట్టాడు.

టేపు అంటిస్తూనే, నావైపు చూడకుండా, "నేను మీ దగ్గర చదువుకున్నాను మాస్టారూ" అన్నాడు.

సంతోషించాను. ఏ సంవత్సరం, ఏ గ్రూపు అని అడిగాను. చెప్పాడు. నాకు గుర్తు రాలేదు. గుర్తొచ్చినట్టు తలాడించాను.

"మా ఊరి బస్సు తొమ్మిదింబావుకు దింపేది. మీ క్లాసు తొమ్మిదింటికి. హాజరు తగ్గింది. ప్రిన్సిపాలు గారు మిమ్మల్ని అడిగి చెప్పమన్నారు. అడిగాను."

నేనేమన్నానో అతను చెప్పనక్కర్లేకపోయింది. కుర్రవాడు గుర్తు లేడు గాని ఆ మాట నాకు బాగా గుర్తుంది. ఎందుకంటే అది ఒక్కసారి అన్నది కాదు. "బస్సు కాలేజీ వేళకు రావాలి గాని, కాలేజీ బస్సు వేళకు రాదు." ఆ మాటకు క్లాసు ఎప్పుడూ నవ్వేది. నవ్వు వచ్చే మాట గనక ఏటేటా వాడుకుంటూ వచ్చాను.

"ఆ ఏడు పరీక్ష రాయలేదు. మా బాబాయి హైదరాబాదులో కార్లు కడిగే షెడ్డులో పెట్టాడు. అక్కడ నేర్చుకున్నాను" అని ముగించి, మిషను ఆన్ చేశాడు. దాని చప్పుడులో నేనేదైనా అన్నా వినపడదు. ఏమీ అనలేదు కూడా.

అతని గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే ఏదో ఒకటి సమాధానం చెప్పుకునేవాణ్ణి. నియమం నాది కాదనేవాణ్ణి. నిజంగానే నాది కాదు, కాని అడిగి రమ్మన్నది నన్నే. ఆ రోజున పొద్దున ఒక్కరోజు బస్టాండుకు వెళ్ళి, ఆ బస్సు ఎన్నింటికి వస్తుందో చూడటానికి నాకు పది నిమిషాలు పట్టేది.

రెండోరోజు ముందరి అద్దం పని. సీరియం ఆక్సైడు అనే తెల్లటి పొడి నీళ్ళలో కలిపి, గుండ్రటి దిమ్మెతో ఓపిగ్గా రుద్దాడు. పాలమీగడలా పూసి, తుడిచి, చూసి, మళ్ళీ పూసి. ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు. పొద్దువాలేసరికి అద్దం ఉన్నదా లేదా అన్నట్టు తయారైంది. కాని డ్రైవరు వైపు కిందిమూలన వేలిగోరంత చోట నాలుగైదు చుక్కలు ఉండిపోయాయి.

"ఇవి పోవు మాస్టారూ. మిగతావి అద్దం పైన కూర్చున్నవి. ఇవి అద్దాన్ని తినేశాయి. ఇంకా అరగదీస్తే అక్కడ అద్దం వంకర చూపిస్తుంది. మీ కంటికి అడ్డం రావులెండి."

స్పిరిటుతో కారంతా తుడిచాడు. మెరుగుమందులో ఉండే నూనె మిగిలితే పూత పట్టదట. తర్వాత, చెప్పినట్టే, పూత గంట పని. చిన్న దిమ్మెకు గుడ్డ చుట్టి నాలుగు చుక్కలు వేసి, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి రాసి, ఇంద్రధనుస్సు రంగులు తేలగానే మెత్తటి గుడ్డతో సమం చేసుకుంటూ పోయాడు. అద్దానికి వేరే పూత. రాత్రంతా కారు షెడ్డులోనే ఉండాలన్నాడు. వారం దాకా సబ్బు తగలకూడదు. ఎండలో కడగకూడదు. "పంచె మాత్రం వాడకండి" అని మొదటిసారిగా గట్టిగా నవ్వాడు.

డబ్బిచ్చాను. రశీదు రాసిచ్చాడు, తెలుగులో. గుండ్రటి దస్తూరి, ఒక్క తప్పు లేదు, ఒత్తులన్నీ ఉన్నచోట ఉన్నాయి. డిగ్రీ మూడో సంవత్సరం పేపర్లలో నేను వెతికి వెతికి విసిగిపోయే ఒత్తులు.

మర్నాడు కారు తెచ్చుకున్నాను. మా ఆవిడ చుట్టూ తిరిగి చూసి, "కాటుకే!" అంది. ఎదురింటివారు అరుగు దిగి వచ్చి ముఖం చూసుకున్నారు. ఎంతైందని అడిగారు, చెప్పలేదు. ఆ మూడోరాత్రి జల్లు పడింది. కిటికీలోంచి చూస్తే నీటిబొట్లు బానెట్ మీద తామరాకు మీద లాగే నిలవక జారిపోతున్నాయి.

రాత్రిళ్ళు లారీలు ఎదురొస్తే ఇప్పుడు రోడ్డు రోడ్డులా కనపడుతున్నది. ఆ కిందిమూల చుక్కలు కంటికి అడ్డం రావడం లేదు, అతను చెప్పింది నిజమే. కాని అవి ఎక్కడున్నాయో నాకు తెలుసు గనక, కారెక్కిన ప్రతిసారీ ముందు అటే చూస్తున్నాను.

మా కాలేజీకి ఇప్పుడు కూడా కొందరు పిల్లలు బస్సులోనే వస్తారు. మొన్న సోమవారం క్లాసులో హాజరు ముందు తీసుకోలేదు, పాఠమయ్యాక తీసుకున్నాను. ముందు బెంచీవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు.

పూత ఎలా ఉందో రెండు వారాల తర్వాత ఒకసారి తెచ్చి చూపించమన్నాడు. వచ్చే ఆదివారానికి రెండు వారాలవుతాయి. అతను ఆ పరీక్ష ఇప్పుడు రాయడానికి దారి ఏమైనా ఉన్నదేమోనని సార్వత్రిక విశ్వవిద్యాలయం వివరాలు తెప్పించి చొక్కా జేబులో పెట్టుకున్నాను. అడగవచ్చునో అడగకూడదో ఇంకా తేలలేదు. షెడ్డు బాగా నడుస్తున్నది.