మా బీరువా మేడెక్కింది

బీరువా అనేది మా పేటలో చూసిన వస్తువు కాదు, విన్న వస్తువు. కామందు గారింట్లో ఉండేది. తలుపు మూస్తే గుడిగంటలా చప్పుడయ్యేదంట. మా నాయనమ్మ వాళ్ల పశువుల శాల ఊడ్చి ముప్పై ఏళ్లు బతికింది. ఆ చప్పుడు పెరట్లో నిలబడి వినడమే గానీ, ఆ బీరువా ఏ రంగులో ఉంటుందో చూడకుండానే పోయింది. మాకు ఉన్నది ఒక రేకు ట్రంకుపెట్టె, ఒక దండెం, ఒక చూరు. దండెం మీద బట్టలు, పెట్టెలో అమ్మ పెళ్లిచీర, చూరులో కాగితాలు.

చూరు అంటే ఏంటో ఇప్పుడు నా క్లాసు పిల్లలకే బొమ్మ గీసి చెప్పాల్సొస్తోంది. తాటాకు కప్పు గోడ మీదికి దిగేకాడ ఒక సందుంటుంది. రేషన్ కార్డు, ఇళ్ల స్థలం పట్టా, మా బడి సర్టిఫికెట్లు, అన్నీ ఒక పాలిథిన్ సంచిలో చుట్టి ఆ సందులో దోపేవాడు మా అయ్య. అదే మా లాకరు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద తుఫాను పడింది. నాకప్పుడు ఎనిమిదేళ్లు. కప్పు లేచిపోయింది, చూరు లేచిపోయింది, సంచీ లేచిపోయింది. కొబ్బరిచెట్లు ఎన్ని పడ్డాయో కామందులు లెక్క రాయించుకున్నారు. మా కాగితాల లెక్క రాసేవాడు లేడు. "పట్టా ఉంటే కదా ఇల్లు ఇచ్చేది" అన్న ఆఫీసు చుట్టూ మా అయ్య నాలుగేళ్లు తిరిగాడు. అందుకే నాకు 2012 డీఎస్సీలో టీచరు ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు మా అమ్మ అడిగింది చీర కాదు, బంగారం కాదు. "ఒక బీరువా కొనవే, కాగితాలు పెట్టుకుందాం" అంది.

ఆ మాట తీరడానికి పదేళ్లు పైన పట్టింది. తమ్ముడి చదువు, అయ్య జబ్బు, అయ్య చావు, నా పెళ్లి, ఆ తర్వాత రాజమండ్రిలో బ్యాంకు లోను మీద మూడో అంతస్తులో ఒక ఫ్లాటు. (2015లో ఊరి పేరు రాజమహేంద్రవరం అయింది గానీ మా నోటికి ఇంకా రాజమండ్రే.) ఫ్లాటు కొనడానికి కారణం డబ్బు ఎక్కువై కాదు. అద్దెకి వెళ్తే "మీరేవుళ్లండీ?" అన్న ప్రశ్న గుమ్మంలోనే ఎదురయ్యేది. మేం మాదిగలమని చెప్పగానే అప్పటిదాకా ఖాళీగా ఉన్న వాటా ఎవరో చుట్టాలకి కావాల్సొచ్చేది. బ్యాంకువాడు మాత్రం జీతం ఎంతని అడిగాడు గానీ కులం అడగలేదు. వడ్డీ అందరికీ ఒకటే.

పోయిన వేసవి సెలవుల్లో ఒక బీరువా, ఒక టేకు మంచం కొన్నాం. మా వైపు ఏ ఇనపబీరువానైనా గోద్రెజ్ అనే అంటారు. 1923 నుంచీ ఆ కంపెనీ బీరువాలు చేస్తోంది, పేరు అలా నిలబడిపోయింది. మేం కొన్నది ఆ కంపెనీది కాదు, ఊళ్లో చేసిందే. ఆరున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర పైచిలుకు లోతు, 95 కేజీల బరువు. మంచమైతే విప్పి ముక్కలుగా తేవచ్చు. బీరువాని విప్పడం కుదరదు. షాపు బండివాడు గేటు కాడ దించి, "మా డెలివరీ ఇక్కడి దాకానేనండి, పైకెక్కించుకోడం మీదే" అని సంతకం పెట్టించుకుని పోయాడు. మా ఆయన ఆర్టీసీలో కండక్టరు, ఆ రోజు డ్యూటీలో ఉన్నాడు. నేనూ మా అమ్మా, కింద బీరువా.

జట్టు కూలీలు నలుగురొచ్చారు. మేస్త్రికి యాభై అయిదు దాటి ఉంటాయి. లుంగీ, భుజం మీద తువ్వాలు. బీరువా చుట్టూ ఒకసారి తిరిగి, లిఫ్టు తలుపు వెడల్పు జానతో కొలిచి, "పడుద్దండి, నిలువునా పడుద్ది" అన్నాడు. నేనూ లెక్క వేశాను. లిఫ్టు లోపల రేకు మీద రాసుంది, ఆరుగురు, 408 కేజీలు. మనిషికి 68 కేజీల లెక్కన. బీరువా 95, పక్కన ఇద్దరు మనుషులు 136, మొత్తం 231. ఆరో తరగతి పిల్లాడు చేసే కూడిక.

అంతలో మా అపార్ట్‌మెంట్ సంఘం ప్రెసిడెంటు గారు దిగొచ్చారు. లిఫ్టు పక్కన గోడకున్న బోర్డు వేలితో చూపించారు. "పనివారు, హమాలీలు, డెలివరీ బాయ్స్ లిఫ్టు వాడరాదు." నేను ఆ బోర్డు రోజూ చదువుతూనే ఉన్నాను. గృహప్రవేశమైన వారానికే అడిగితే "పాతదండీ, ఎవరూ పట్టించుకోరు" అన్నారు. ఇప్పుడు పట్టించుకున్నారు.

"మరి పోయిన నెల నాలుగో అంతస్తు వాళ్ల ఫ్రిజ్జు లిఫ్టులోనే ఎక్కింది కదండీ?"

"అది షోరూం కుర్రాళ్లండీ, యూనిఫాంలో వచ్చారు. వీళ్లని చూడండి. లేడీసు తిరిగే లిఫ్టు. మీలాంటి చదువుకున్నవాళ్లే అర్థం చేసుకోకపోతే ఎలాగండీ టీచర్ గారూ?"

బీరువా బరువు గురించి ఒక్క మాట రాలేదు గమనించండి. లిఫ్టు పాడవుద్దని కూడా అనలేదు. ఇనుముకి అభ్యంతరం లేదు, ఇనుముని పట్టుకున్న ఒంటికి అభ్యంతరం. ఈ జబ్బు మా అపార్ట్‌మెంటుది ఒక్కదానిదే కాదు. 2023లో హైదరాబాదులో ఒక హౌసింగ్ సొసైటీ, పనిమనుషులు మెయిన్ లిఫ్టు ఎక్కితే వెయ్యి రూపాయల జరిమానా అని నోటీసు అంటించింది. పేపర్లలో వచ్చింది, నాలుగు రోజులు అందరూ తిట్టారు, మరిచిపోయారు. రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు నేను ఏటా పాఠం చెప్తాను. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, హోటళ్లు అన్నీ పేరు పేరునా ఉంటాయి అందులో. లిఫ్టు లేదు. బోర్డు మీదేమో కులం లేదు. కులం పేరెత్తకుండా కులాన్ని రాయడం పట్నం నేర్చుకున్న చదువు.

నేను వాదనకి దిగాను. మేస్త్రే ఆపాడు. "గొడవొద్దండి టీచరమ్మగారూ. మాకిలాంటియి అలవాటే. మధ్యాన్నం దానవాయిపేటలో ఇంకో బేరముంది, అది పోద్ది. మెట్ల మీద ఎక్కించేత్తాం." బేరం వాళ్లది, పొద్దు వాళ్లది. అంతస్తుకింత అని మాట్లాడుకున్నాం. నేను మాత్రం లిఫ్టు ఎక్కలేదు. మూడంతస్తులూ వాళ్ల వెనకాలే ఎక్కాను.

మెట్ల మీద బీరువా ఎలా ఎక్కుతుందో చూడనివాళ్లకి చెప్తాను. ముందు తాళం వేసి, తలుపు ఊగకుండా రెండు కట్లు కడతారు. పైన ఇద్దరు వెనక్కి నడుస్తూ పట్టుకుంటారు, కింద ఇద్దరు. ఏటవాలుగా ఉన్న బరువు ఎప్పుడూ కిందోడి మీదే ఎక్కువ పడుతుంది. అందుకని కుర్రాళ్లని కింద పెడతారు. మలుపు దగ్గర చదునులో దాన్ని నిలువునా లేపి, మూల మీద తిప్పి, మళ్లీ పడుకోబెట్టాలి. మేస్త్రి "నిమ్మళం, నిమ్మళం, కుడెయ్, కుడెయ్, ఆపు" అంటూ ఉంటాడు. ఆ గొంతే నడిపిస్తుంది. మలుపులో అర అంగుళం సందుంటే ఆ అర అంగుళంలోంచి తిప్పారు. గోడకి ఒక్క గీత పడలేదు. దాన్ని కూలిపని అంటాం మనం. కొలబద్ద లేకుండా చేసే ఆ లెక్కకి ఏ కాలేజీలోనూ సీటు లేదు.

వంగినప్పుడు మేస్త్రి మెడ వెనక చూశాను. మెడా వీపూ కలిసేకాడ నిమ్మకాయంత కాయ. మా అయ్యకీ అక్కడే ఉండేది. మా అయ్య రైసుమిల్లు హమాలీ. మా గోదావరి జిల్లాల్లో ధాన్యం బస్తా 75 కేజీలు. మగమనిషి మోసే బరువు 55 కేజీలు దాటకూడదని 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సిఫారసు చేసిందని నేను బీఈడీ అయ్యాక ఎక్కడో చదివి మా అయ్యకి చెప్పాను. "మరి ఆ మిగతా ఇరవై ఎవుడు మోత్తాడంట?" అన్నాడు.

మా కులానికి చెప్పులు కుట్టడం, డప్పు కొట్టడం అని రాశారు గానీ మోత అని ఎవరూ రాయలేదు. నిజానికి మోతే ఎక్కువ. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టకి రాయి మోసింది వేల మంది కూలీలు. కాటన్ దొర విగ్రహాలు ఈ జిల్లాల్లో ఊరూరా ఉన్నాయి. రాయి మోసినోడి విగ్రహం నాకెక్కడా కనపడలేదు. 1986 ఆగస్టు వరదల్లో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు పారింది. అప్పుడు మా అయ్యకి ఇరవై రెండేళ్లు. నీళ్లు లంకలోకి వస్తున్నాయని తెలియగానే కామందు గారి మనిషి పేటకొచ్చి మగవాళ్లందర్నీ తోలుకుపోయాడు. పందిరిమంచం, బీరువా, ధాన్యం బస్తాలు, ఇత్తడి సామాను, అన్నీ మేడ మీదికి ఎక్కించారు. అదుగో, నాయనమ్మ చూడని ఆ బీరువాని మా అయ్య వీపు మీద మోశాడు. మోసి కిందికి దిగేటప్పటికి నడుంలోతు నీళ్లు. పేటలో గుడిసెలు కొట్టుకుపోయాయి. నాయనమ్మ ఒక మేకపిల్లని చంకనేసుకుని ఏటిగట్టు మీద కూచుని ఉంది. మేడ మీద చోటు మంచానికుంది గానీ మోసినోడికి లేదు. కూలి కూడా తర్వాత తీసుకోమన్నారు. ఆ తర్వాత రాలేదని మా అయ్య నవ్వుతూ చెప్పేవాడు. ఎందుకు నవ్వేవాడో నాకు చాలాకాలం అర్థమయ్యేది కాదు.

మూడో అంతస్తు చివరి మలుపులో బీరువా ఆగిపోయింది. ఎదురు ఫ్లాటు వాళ్లు మెట్ల చదును మీద చెప్పుల స్టాండు పెట్టుకున్నారు. ఇనపది, నాలుగు అరలు. బీరువా తిరగాలంటే అది జరగాలి. తలుపు కొట్టాను. ఆమె బయటికొచ్చి చూసి, "మీరే జరుపుకోండి" అంది. కింద పట్టుకున్న కుర్రాడు చెమటలోంచే, "మేం ముట్టుకుంటే మైలపడవాండీ చెప్పులు?" అన్నాడు. మేస్త్రి కసిరాడు గానీ ఆయన మూతి మీదా నవ్వుంది. స్టాండు నేనే జరిపాను. చెప్పులు చేసిన చేతుల వాళ్ల మనవరాలిని, నాకు కొత్తా?

బీరువా లోపలికొచ్చి గోడకానింది. అమ్మ కొత్త స్టీలు గ్లాసులతో మంచినీళ్లు తెచ్చింది. నలుగురూ గ్లాసులు పుచ్చుకుని గుమ్మం దాటి మెట్ల మీదికెళ్లి, తల పైకెత్తి, పెదవి తగలకుండా ఎత్తిపోసుకుంటున్నారు. మా అమ్మ కాసేపు చూసింది. "కరిచి తాగండ్రా అబ్బాయిలూ. మాదీ పేటే" అంది.

మేస్త్రి గ్లాసు దించి నావైపు, అమ్మవైపు చూశాడు. "ఏ ఊరండి?" అన్నాడు. చెప్పింది. "అదేంటమ్మాయ్, ముందే చెప్పొద్దూ" అన్నాడు నాతో. టీచరమ్మగారు పోయి అమ్మాయి అయ్యాను. లోపలికొచ్చి ఫ్యాను కింద నేల మీద కూచున్నాడు. కుర్చీ చూపిస్తే, "లుంగీ మట్టి బాబూ" అన్నాడు. "మట్టి కడుక్కుంటే పోద్ది, లెగండి బాబాయ్" అన్నాక కూచున్నాడు. ఇంకా ఎత్తయిన భవనాల్లో మెట్ల మీద తిరగని సామాను మోకేసి బాల్కనీలోంచి లాగుతామని చెప్పాడు. నేను ఆమ్‌స్టర్‌డాం గురించి చెప్పాను. అక్కడ ఇళ్లు సన్నం, మెట్లు ఇరుకు. అందుకని కట్టేటప్పుడే ఇంటి నెత్తిన ఒక దూలం, దానికో కొక్కెం పెడతారు. సామాను తాడుతో కిటికీలోంచి లోపలికి లాగుతారు. వందల ఏళ్ల నాటి అలవాటు. ఆ డచ్చివాళ్లే ఒకప్పుడు బట్టల వ్యాపారానికి మన పాలకొల్లు, నరసాపురం వచ్చారు. బట్టలు పట్టుకెళ్లారు గానీ కొక్కెం ఇక్కడ వదల్లేదు. మేస్త్రి ఆలోచించి, "మనకి కొక్కెం ఎందుకమ్మాయ్, మనం ఉన్నాం కదా" అన్నాడు.

నేను అంతకన్నా బాగా చెప్పలేను. మన అపార్ట్‌మెంట్ ప్లానులో పూజగది ఉంటుంది, కారు చోటు ఉంటుంది, బాత్రూం ఈశాన్యంలో రాకూడదన్న వాస్తు ఉంటుంది. మంచం పైకి ఎలా వస్తుందన్న ఆలోచన ఉండదు. ఎందుకుంటుంది? భుజాలు దొరుకుతాయి. ఆ భుజాలు ఏ పేట నుంచి వస్తాయో ప్లాను గీసేవాడికీ తెలుసు.

వాళ్లు వెళ్లాక అమ్మ బీరువా తలుపు తీసింది, మూసింది. గుడిగంట చప్పుడు రాలేదు, రేకు చప్పుడే వచ్చింది. "మీ అయ్య ఉంటే తనే ఎత్తేవోడు" అంది. నేనేం అనలేదు. లాకర్లో ముందు పెట్టింది ఇంటి దస్తావేజు నకలు, తర్వాత నా సర్టిఫికెట్లు, ఆ తర్వాత అమ్మ ఆధార్. పాత కాగితాల మీద తూర్పు గోదావరి అని ఉంది. కొత్తదాని మీద డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని ఉంది. ఆ పేరు వద్దని 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. పేరు మాత్రం నిలబడింది. ఆ పేరున్న కాగితం ఇప్పుడు తాళంలో ఉంది. 1917లో బరోడాలో ఆ పేరు గలాయన్ని కర్రలు పట్టుకుని సత్రంలోంచి వెళ్లగొట్టారు. సామాను పెట్టుకోడానికి చోటు దొరక్క, పై చదువులు చదివొచ్చిన మనిషి పార్కులో కూచున్నాడు.

బోర్డు మీది ఆ వాక్యం తీసేయాలని మా సంఘానికి కాగితం రాసిచ్చాను. "బరువు 408 కేజీలు దాటరాదు" అన్న ఒక్క మాట చాలని రాశాను. ఇరవై ఫ్లాట్లలో నలుగురు సంతకం పెట్టారు. మోకాళ్ల నొప్పుల రైల్వే రిటైర్డ్ ఉద్యోగి ఒకరు, నాలుగో అంతస్తు ముస్లిం కుటుంబం, ఒక నర్సు, నేను. చెప్పుల స్టాండు ఆమె ఆలోచిస్తానంది. వాచ్‌మన్ పెడతానన్నాడు గానీ ఓనరు కాదు కాబట్టి చెల్లదన్నారు. వచ్చే నెల మొదటి ఆదివారం మీటింగు. ఎజెండాలో మొదటిది కారు పార్కింగు, రెండోది నీళ్ల ట్యాంకు కడిగించడం. మాది ఏడోది. ఆరో అంశం అయ్యేటప్పటికి భోజనాల వేళవుతుంది, సగంమంది లేచిపోతారంటున్నారు. నేను కూచుంటాను.