మా బాల్కనీలో బ్రహ్మచారి తీగలు

రాత్రి ఏడున్నరకి క్లయింట్ కాల్. సరిగ్గా అదే టైముకి మా బాల్కనీలో పూలు విచ్చుకుంటాయి. మొన్న ఆగస్టులో ఒక రోజు హెడ్‌సెట్ మ్యూట్‌లో పెట్టి, ఒక చేత్తో ఫోన్ లైటు పట్టుకుని, ఇంకో చేత్తో ఒక పసుపు పువ్వుని తెంపి ఇంకో పువ్వుకి రుద్దుతున్నాను. ఎదురు ఫ్లాటు ఆంటీ కాసేపు చూసి, లోపలికెళ్ళి అంకుల్ని కూడా పిలుచుకొచ్చారు. వాళ్ళకి చెప్పుకోలేకపోయిన సంజాయిషీ ఇక్కడ రాసుకుంటున్నాను.

ఈ గొడవంతా బోడ కాకరకాయ కోసం. కోస్తా వాళ్ళు ఆకాకరకాయ అంటారు. ఒంటి నిండా మెత్తటి ముళ్ళతో ఉండలు చుట్టుకున్న ముళ్ళపంది పిల్లలా ఉంటుంది. కాకర చేదు ఉండదు. వానలు పడ్డాక రెండు మూడు నెలలే దొరుకుతుంది. మూడేళ్ళ క్రితం మా వీధిలో బండి అతను కిలో 300 అన్నాడు. మా బాపమ్మ కంచె మీంచి ఊరికే తెంపుకొచ్చేది కదా, దీనికి 300 ఏంటి అని ఎక్కడో అహం దెబ్బతింది. పావుకిలో కొని, అందులో బాగా పండిపోయిన రెండిటిని దాచి గింజలు తీశాను.

మాది టేకుమట్ల. ఎక్కడది అంటారని తెలుసు. 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లా, చిట్యాల మండలంలో ఒక ఊరు. జిల్లాలు విడగొట్టినప్పటి నుంచి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో మండల కేంద్రం.

గింజలు తీసేనాటికే నేను బాల్కనీ రైతుని. మా వైపు చపాటా మిరప కూడా కుండీలో పెంచాను. చూడ్డానికి అచ్చం టమాటాలా గుండ్రంగా, ఎర్రగా ఉంటుంది. 2025లో 'వరంగల్ చపాటా'కి భౌగోళిక గుర్తింపు వచ్చింది. రంగు జాస్తి, కారం తక్కువ. మా మీటింగుల్లో స్లైడ్లు గుర్తొస్తాయి :) అది బాగానే కాసింది. ఆ ధైర్యంతోనే బోడ కాకర మీద పడ్డాను.

తర్వాతి వానాకాలం పన్నెండు గింజలు పెడితే మూడు మొలిచాయి. తాళ్ళు కట్టాను. తీగలు పై ఫ్లాటు దాకా పాకాయి. పూలే పూలు. పొద్దున చూస్తే అన్నీ రాలిపోయి ఉండేవి. మనం ఇంజనీర్లం కదా, ఒక్కోసారి ఒక్కటే మార్చి చూడాలి. నీళ్ళు తగ్గించాను, పెంచాను, వర్మీకంపోస్టు వేశాను, కుండీ ఎండలోకి జరిపాను. నెల రోజులు డీబగ్గింగ్ చేసినా ఒక్క పిందె లేదు.

చివరికి ఇంటికి ఫోన్ చేశాను. బాపమ్మ అందుకుంది.

"పువ్వెనుక పిందె ఉన్నదా జూడు."

"లేదు బాపమ్మా, చిన్న ఆకులాంటిది ఉంది."

"అయితే అన్నీ పోతులేరా! పోతుతాడు ముంజలు కాస్తదా?" అని నవ్వుడు మొదలుపెట్టింది. వెనకాల అమ్మ కూడా నవ్వడం వినిపించింది. నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివి మగ తీగలకి ఎరువేస్తున్నానన్నమాట.

తాటిచెట్టు లాగే బోడ కాకరలో కూడా ఆడ తీగ వేరు, మగ తీగ వేరు. శాస్త్రీయ నామం మోమోర్డికా డయోయికా. 'డయోయికా' అంటేనే రెండు ఇళ్ళవాళ్ళు అని అర్థం. గింజ వేస్తే ఏది వస్తుందో పువ్వు పూసేదాకా తెలీదు. మూడూ మగవే అయ్యే అవకాశం ఎనిమిదింట ఒకటి. నాకు అదే తగిలింది. అందుకే సాగు చేసేవాళ్ళు గింజలకంటే గడ్డలు నాటడానికే ఇష్టపడతారు. ఆడ తీగ గడ్డ ఆడ తీగనే ఇస్తుంది. పది ఆడ తీగలకి ఒక మగది ఉంటే చాలు. పూలు సాయంత్రం చీకటి పడేవేళ విచ్చుకుంటాయి. రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులు పుప్పొడి మోస్తాయి. అవి మా అయిదో అంతస్తుకి రావు కాబట్టి ఆ పని నా మీద పడింది.

చలికాలంలో తీగలు ఎండిపోతే చచ్చాయనుకుని ఒక కుండీ పారబోశాను కూడా. "గడ్డ పండుకున్నది బిడ్డా, తొలకరికి లేస్తది" అంది అమ్మ. స్లీప్ మోడ్ అని నాకేం తెలుసు?

సరే, ఒక ఆడ గడ్డ పంపమని అడిగాను. ఊళ్ళో అదెంత పని అనుకున్నాను. అమ్మకి మూడు రోజులు పట్టింది.

బాపమ్మ కంచె ఎప్పుడో పోయింది, ఆ జాగాలో ఇప్పుడు ప్రహరీ గోడ. చేని గట్లకి గడ్డి మందు కొడుతున్నారు. ఆ మందుకి గడ్డి, బోడ కాకర తేడా తెలీదు. చివరికి తెలిసినవాళ్ళ చెలక గట్టు మీద ఒక్క తీగ దొరికిందట.

అప్పుడు కూర్చుని లెక్కేసుకున్నాను. మాకు నాలుగెకరాల పత్తి, మిర్చి. బెండకాయ మాత్రం ఆటోలో అమ్మొచ్చేవాళ్ళ దగ్గర కొంటాం. నా చిన్నప్పుడు పత్తి సాళ్ళ మధ్య కంది ఉండేది, చేను అంచున బొబ్బెర ఉండేది. ఇప్పుడు సాలంతా పత్తే. పెరట్లో చిక్కుడు, బీర వేద్దామంటే కోతులు. 2020 డిసెంబరులో నిర్మల్ జిల్లాలో కోతుల కోసం పునరావాస కేంద్రం పెట్టారు. మా పెరట్లో కోతులకి ఆ కబురు అందినట్టు లేదు. సొంత భూమి ఉన్న మా అమ్మకంటే అద్దె ఫ్లాటులో ఉన్న నాకే కూరగాయలు పెంచడం సులువు!

బాపమ్మ ఊరికే తెంపుకొచ్చేది అన్నాను కదా, అది నా తెలివితక్కువతనం. దాని వెనకాల మందు తగలని ఒక కంచె ఉంది, రాత్రి తిరిగే పురుగులు ఉన్నాయి, ఏది ఆడో ఏది మగో పువ్వెనక చూసి చెప్పే ముసలామె ఉంది. అవి ఒక్కొక్కటే పోయాక బండి మీదకి వచ్చిన ధర 300.

గత సీజన్లో నా ఫోన్ లైటు కాపురాలకి పదకొండు కాయలు కాశాయి. కుండీలు, మట్టి, తాళ్ళ ఖర్చు పంచితే ఒక్కో కాయ రెండొందల పైనే పడింది. వేపుడు చేసుకుని ఒక్కణ్ణే తిన్నాను. ఎవరికీ పెట్టలేదు, సిగ్గు లేకుండా చెప్తున్నాను.

సంక్రాంతికి కుండీలు తవ్వితే ఆడ గడ్డ పక్కన ఇంకో రెండు గడ్డలు ఊరి ఉన్నాయి. న్యూస్ పేపర్లో చుట్టుకుని, హనుమకొండలో బస్సు మారి, పరకాల మీదుగా ఊరికి తీసుకెళ్ళాను. బాపమ్మకి ఇప్పుడు చూపు సరిగ్గా ఆనదు. గడ్డల్ని చేత్తో తడిమి అడిగింది.

"మొగది తెచ్చినవా?"

"తెచ్చిన బాపమ్మా. దానిమీద గుర్తు కూడా పెట్టిన."

గోడ పక్కన, కోతులకి అందకుండా జాలీ కట్టి నాటాం. ఒకటి మాత్రం చేని గట్టు మీద పెట్టమంది. "అటు దిక్కు మందు కొట్టద్దని మీ బాపుకు చెప్పిపో" అంది. బాపు అక్కడే ఉన్నాడు, విన్నాడు. గట్టంతా చేత్తో పీకడానికి కూలి ఎంతవుతుందో నాకంటే ఆయనకే బాగా తెలుసు. 

కాసేపాగి "చూద్దాం తీ" అన్నాడు.