నాకొచ్చిన మొదటి బహుమతి

మన గదిలో ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీ ఒక్కటే ఉంది. అది నాది. రోజూ ఎవరో ఒకరు పట్టుకుపోతారు. మొదటి పేజీ ఎందుకు అతికించావురా అని అందరూ అడుగుతారు. అన్నం మెతుకులతో నేనే అతికించాను. లోపల "లెక్కల పోటీ, ప్రథమ బహుమతి" అని, కింద నా పేరు ఉన్నాయి.

ఇది నేను ఇక్కడికి రాకముందు సంగతి. ఏడో తరగతి వేరే ఆశ్రమ పాఠశాలలో చదివాను. చుట్టుపక్కల హాస్టళ్ళకు కలిపి లెక్కల పోటీ పెట్టారు. ప్రశ్నపత్రం తయారుచేసింది మా లెక్కల సారే. ముందురోజు రాత్రి స్టడీ అవర్లో ఆయన మాకు ఒక లెక్క చేయించారు. 150 మీటర్ల రైలు 250 మీటర్ల వంతెనను 20 సెకన్లలో దాటితే వేగం ఎంత? గంటకు 72 కిలోమీటర్లు. అప్పటికి నేను రైలు చూడనే లేదు. జవాబు మాత్రం బుర్రలో ఉండిపోయింది.

మర్నాడు పేపర్లో ఆ రైలే వచ్చింది. అంకెలు కూడా మారలేదు. నేను లెక్క చెయ్యకుండా 72 అని రాసేశాను. ఒక్క మార్కు ఎక్కువతో ఫస్టు వచ్చాను.

చింతచెట్టు కింద అన్నాలు తింటుంటే సెకండు వచ్చిన అమ్మాయి నా దగ్గరకొచ్చింది. వేరే హాస్టలు పిల్ల. ఆమె జవాబు 27. "వంతెన పొడవు ఎందుకు కలపాలి?" అని అడిగింది. నాకు తెలిస్తే కదా!

"మా సారు అలాగే చేయించారు."

"ఎప్పుడు?"

"రాత్రి."

ఆమె ఇంకేమీ అనలేదు. నేల మీద వంతెన గీసింది. ఒక పుల్లను రైలులాగ దాని మీద జరిపింది. "ఓహో, తోక కూడా దాటాలి" అని తనలో తనే అనుకుని లేచిపోయింది. నిజం చెప్పాలంటే ఆ లెక్క నాకూ అప్పుడే అర్థమైంది.

సారు కావాలని చేశారో లేదో నాకు తెలీదు. నాకు జ్వరమొస్తే భుజాన వేసుకుని ఆసుపత్రికి మోసుకెళ్ళిన మనిషి ఆయన. నింద వెయ్యడానికి ఇది రాయడం లేదు. ప్రశ్నలు తెలిసిన మనిషీ, తన పిల్లలు గెలవాలనుకునే మనిషీ ఒక్కరే అయితే నోటికి ఆ రైలే వస్తుంది మరి. మిగతా లెక్కలు నేను సొంతంగానే చేశాను. కానీ ఆ అమ్మాయి నమ్ముతుందా?

అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ గురించి ఇక్కడికొచ్చాకే చదివాను. 1959లో రుమేనియాలో మొదలైంది. మన దేశం మొదటిసారి 1989లో వెళ్ళింది. రెండు రోజుల్లో 6 లెక్కలు, ఒక్కోదానికి 7 మార్కులు. ఆ లెక్కలను ఎంచేది దేశాల జట్ల నాయకులే. అందుకని పరీక్ష అయ్యేదాకా వాళ్ళను తమ పిల్లలకు దూరంగా వేరేచోట ఉంచుతారు. పోటీ జరిపే దేశం పిల్లల మార్కులు ఆ దేశం వాళ్ళకే వదిలెయ్యరు, ఆ లెక్కను పంపిన దేశం వారు కూర్చుని తేలుస్తారు. ఇంత కట్టుదిట్టంలోనూ ఉత్తర కొరియా జట్టును అనుమానం మీద 1991లో ఒకసారి, 2010లో ఇంకోసారి తీసేశారు. ఆ జట్టులో సొంతంగా చేసినవాడు ఒక్కడైనా ఉంటే వాడి గతేమిటి? నాకు వాడే గుర్తొస్తుంటాడు.

వార్డెన్ గారూ, వచ్చే నెల మన పోటీ ఉంది కదా. మాకు స్టడీ అవర్లో చెప్పే సార్లు కాకుండా వేరే స్కూలు సార్లు ప్రశ్నలు తయారుచేస్తే బాగుంటుంది. పేపర్లు కూడా పేర్లు కనపడకుండా నంబర్లు వేసి దిద్దించండి. అడిగానని కోప్పడకండి.

డిక్షనరీ నా పెట్టె మీదే ఉంటుంది. కావాల్సినవాళ్ళు తీసుకోండి. ఆ పేజీ మాత్రం విప్పకండి.

- పదో తరగతి విద్యార్థి