తాతయ్యకి, తోటల దారిలోంచి

శేషాద్రి ఎక్స్‌ప్రెస్, కుప్పం దాటాక
జనవరి 4, పొద్దున

తాతయ్యా,

ఫోన్లో నీతో మాట్లాడితే అటునుంచి "ఆఁ? ఆఁ?" తప్ప ఇంకో మాట రాదు. అందుకని ఈ ఉత్తరాలు. చిన్నోడు చదివిపెడతానంటే ఒప్పుకోకు, మధ్యలో వాడి సొంత కవిత్వం కలుపుతాడు. కళ్లజోడు పెట్టుకుని నువ్వే చదువుకో.

మామ్మ కట్టిచ్చిన సున్నుండలు గోదావరి బ్రిడ్జి దాటకుండానే సగం అయిపోయాయి. మిగతా సగంలో ఎక్కువ భాగం ఈ కాలేజీ టూరుకి మమ్మల్ని తీసుకొచ్చిన మా సారు తిన్నారు. ఆ సంగతి మామ్మకి చెప్పు, సంతోషిస్తుంది.

విజయవాడలో ఎక్కినాయన ఎదుటి బెర్తు. ఏం చదువుతున్నావమ్మా అన్నాడు. హార్టీకల్చర్ అన్నాను. తోటలు పెంచడానికి కూడా డిగ్రీ ఉందా అని నవ్వాడు. పావుగంట తిరక్కుండా ఆ నవ్విన మనిషే ఫోను తీసి వాళ్ల బాల్కనీ ఫొటోలు చూపించి, మనీప్లాంటు ఆకులు ఎందుకు పసుపెక్కుతున్నాయో చెప్పమన్నాడు. కుండీ అడుగున నీళ్లు నిలబడుతున్నాయండీ, రోజూ పోయకండి అన్నాను. దాంతో పక్క బెర్తువాళ్ల కరివేపాకూ, పై బెర్తావిడ గులాబీ వరసకట్టాయి. లైట్లు ఆర్పేదాకా నా దవాఖానా నడిచింది. ఫీజు ఒక అరటిపండు.

నాలుగేళ్ల క్రితం నువ్వూ ఇలాగే అడిగావు. "మొక్క మనింట్లోనే పుట్టింది, దానికి మళ్లీ చదువేంటే?" అని. నాన్న ఇంకా సూటిగా తేల్చేశాడు. చదివితే ఆఫీసరవ్వాలి, లేదా మన నర్సరీ గేటు దగ్గర కూచుని బిల్లులు రాయాలి. తోట ఎక్కడ ఎలా ఉండాలో ఆలోచించి గీసి, దాన్ని నేలమీదికి తెచ్చే పని ఒకటి ఉందనీ, దానికి డబ్బులిస్తారనీ మనింట్లో నమ్మేవాళ్లు లేరు. అమ్మ కొంచెం నమ్ముతుంది, అదీ నాన్న ఇంట్లో లేనప్పుడు.

బంగారుపేట వస్తోంది. రైలు ఊగితే అక్షరాలు వంకర పోతున్నాయి, సర్దుకో.


బెంగళూరు
జనవరి 6, రాత్రి

తాతయ్యా,

ఇక్కడ చలి మన మాఘమాసం చలి కాదు. సన్నగా తుంపర కూడా పడుతోంది. మా క్లాసు నెల్లూరమ్మాయి రెండు స్వెట్టర్లు తెచ్చుకుంది, ఒకటి నాకిచ్చింది. వంకాయ రంగు. ఫొటో చూస్తే చిన్నోడు నన్ను బతకనివ్వడు.

లాల్‌బాగ్‌లో గ్లాస్‌హౌస్ చూశాం. 1889లో పునాదిరాయి వేశారు. ఇనుమూ అద్దమూ. బాగుంది.

అసలు సంగతి గ్లాస్‌హౌస్ వెనకాల జరిగింది. జనవరి 26కి పూల ప్రదర్శన కదా, ఆ కుండీలన్నీ ఒకచోట వరసలుగా పెట్టి పెంచుతున్నారు. పెటూనియా, సాల్వియా, బంతి. వాటి మధ్య గొంతుక్కూచుని ఒక పెద్దాయన చివరలు తుంచుతున్నాడు. మా మాటలు విని తలెత్తి "ఏ ఊరు మా మీది?" అన్నాడు. కోలారు వైపు తెలుగు. కడియం పక్కన అనగానే, "మీ ఊరి మొక్కలు ఈడికి లారీలు లారీలు వస్తాండాయి" అని చెయ్యి దులుపుకుని లేచాడు. ఆ తర్వాత మా సారు పాఠం ఆగిపోయింది, ఈయన పాఠం మొదలైంది.

ఫలానా తేదీకి పువ్వు విచ్చి ఉండాలంటే లెక్క వెనకనుంచి వేసుకోవాలిట. అక్టోబర్లో నారు. మొక్క నిలదొక్కుకున్నాక చివర తుంచితే పక్కకొమ్మలు వస్తాయి, పూలు ఎక్కువ పూస్తాయి, కానీ ఆలస్యంగా పూస్తాయి. చలి ముదిరితే ఇంకా ఆలస్యం. కాబట్టి ఫలానా రోజు దాటాక చివర ముట్టుకోకూడదు. ఆ రోజు ఏదన్నది ప్రతి పువ్వుకీ వేరు, ప్రతి ఏడాదీ వేరు. ఆయన దగ్గర కాగితం ముక్క లేదు. మా సారు పీహెచ్‌డీ చేసినాయన, జేబులోంచి పుస్తకం తీసి గబగబా రాసుకున్నారు. ఆ క్షణాన మా సారు మీద నాకు గౌరవం పెరిగింది.

మధ్యాహ్నం ఆయన తన క్యారేజీ విప్పి, రమ్మని పట్టుబట్టాడు. రాగిముద్ద. ఆకుకూరా పప్పూ ఉడికించిన నీళ్లతో కాచిన చారు, పైన కొంచెం వేపుడు. ముద్దని నమలకూడదు, చారులో ముంచి మింగాలి. నాకేమో అన్నం నమిలే అలవాటు, పళ్లకి అంటుకుపోయింది. ఆయన నవ్వి "మింగు మా, అది ముల్లు కాదు" అన్నాడు. రెండో ముద్దకి దారి తెలిసింది. సాయంత్రం దాకా ఆకలి లేదు. హాస్టల్లో రాత్రి పెట్టిన సాంబారు తియ్యగా ఉంది తాతయ్యా. సాంబారులో బెల్లం వెయ్యాలని మొదట ఎవరికి తోచిందో గానీ ఆయన్ని మన గోంగూర మడిలో నిలబెట్టాలి. అది తింటుంటే మామ్మ పులిహోర గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి, కారం వల్ల కాదు, కారమే లేదు.

తినేటప్పుడు ఆ పెద్దాయన ఒక మాటన్నాడు. "మీరు మొక్కని అమ్మేస్తారు. అది ఏమయిందో మేం చూస్తాం." కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు. నాకు అప్పట్నుంచీ అదే తిరుగుతోంది. నువ్వు చేతులతో కట్టిన అంట్లు ఎన్ని వేలో. వాటిలో పదేళ్ల చెట్టు నువ్వెన్ని చూసుంటావు? లారీ ఎక్కాక అవి ఏ గేటెడ్ కాలనీలో ఏ గోడపక్కన ఇరుక్కున్నాయో మనకి తెలీదు.

ఈ తోటని 1908 నుంచి 1932 దాకా నడిపినాయన క్రుంబీగల్ అనే జర్మన్. లండన్ పక్క క్యూ తోటలో పని నేర్చుకుని 1893లో బరోడా సంస్థానానికి వచ్చాడు, అక్కణ్నుంచి మైసూరు కొలువుకి. బెంగళూరు వీధుల్లో ఏడాది పొడుగునా ఏదో ఒక చెట్టు పూస్తూ ఉండాలని, ఒకటి రాలిపోయే వేళకి ఇంకోటి అందుకునేలా రకాలు ఎంచి నాటించాడు. ఊరి మొత్తాన్నీ ఒక మడిలా చూశాడన్నమాట. మొదలుపెట్టింది తోటపనివాడిగా. ఊళ్ల ప్లాన్ల దగ్గరా భవనాల దగ్గరా కూడా సలహాకి ఆయన్నే పిలిచేవారట. 1956లో ఇక్కడే పోయాడు. నాన్నకి ఈ పేరా మాత్రం గట్టిగా చదివి వినిపించు.

దొరల పేర్లే చెబుతారేంటి సార్ అని మావాళ్లలో ఒకడు గొణిగాడు. దానికి సారు, మీ సామర్లకోట సంగతి తెలుసా అన్నారు. విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా తోటకి వెళ్లకముందు మన సామర్లకోటలోనే తోట వేసి మిరియాలూ చెరుకూ పెంచి చూశాడట. కోరమాండల్ తీరం మొక్కల మీద ఆయన పుస్తకం 1795లో మొదలైంది, బొమ్మలు వేసింది మన దేశపు చిత్రకారులే. నువ్వు అన్నిసార్లు సామర్లకోట వెళ్లొచ్చావు కదా, ఎప్పుడైనా ఎవరైనా చెప్పారా? మా బాబాయి అత్తారిల్లు అక్కడే, వాళ్లకీ తెలిసుండదు.

హేసరఘట్టలో ఉద్యాన పరిశోధన సంస్థ కూడా చూశాం. అర్క ప్రజ్వల్ నేలసంపంగి దుంపలు నాన్న అడిగాడుగా, వివరాలు రాసుకున్నాను. ఇంటికొచ్చాక ఇస్తాను.

లాల్‌బాగ్‌లోనే రైతుబిడ్డలకి పది నెలల తోటపని శిక్షణ ఉంది తాతయ్యా. పుస్తకం తక్కువ, పార ఎక్కువ. అందులో చేరిన పిల్లల్ని చూశాను. నాకంటే చిన్నవాళ్లు, కత్తెర పట్టుకున్న తీరులోనే తేడా తెలిసిపోతోంది.


మైసూరు
జనవరి 8

తాతయ్యా,

కార్డు ముక్కే దొరికింది. ప్యాలెస్ చూశాం. బృందావన్ గార్డెన్స్ చూశాం, రంగుల దీపాల కింద అందరూ ఫొటోలు దిగారు. నాకు నచ్చింది ఒకటే: డ్యాము ఎత్తున ఉంది, తోట మెట్లుమెట్లుగా కిందికి దిగుతుంది, నీళ్ల దారి ఆ వాలుని వాడుకుంటూ సాగింది. గొంతు నొప్పి మొదలైంది. మామ్మకి చెప్పొద్దు.


ఊటీ
జనవరి 10, మధ్యాహ్నం, దుప్పట్లో

తాతయ్యా,

జ్వరం. పెద్దదేం కాదు, మాత్ర వేసుకున్నాను. అందరూ దొడ్డబెట్ట శిఖరం చూడ్డానికి వెళ్లారు. గూడలూరు మీదుగా వచ్చిన ఘాట్ రోడ్డు మలుపులకి కడుపులో ఉన్నదంతా అడవికే ఇచ్చేశాను. బండీపూర్‌లో ఏనుగులు కనబడతాయన్నారు, ఒక్కటీ కనబడలేదు. కనబడినా తలెత్తే ఓపిక లేదు.

నిన్న తెల్లవారుజామున మాత్రం సారు మమ్మల్ని లేపి బొటానికల్ గార్డెన్‌కి తీసుకెళ్లారు, మంచు చూడాలని. గడ్డి మీద ఉప్పు చల్లినట్టు తెల్లగా పేరుకుంది. మన దగ్గర మొక్కకి ఎండే శత్రువు, షేడ్‌నెట్ కట్టి కాపాడతాం. ఇక్కడ రాత్రి శత్రువు. లేత మొక్కల మీద కొమ్మలూ ఆకులూ కప్పుతారు, ఎండ తగిలేలోపు నీళ్లు చిలకరించి మంచు కరిగిస్తారు. మంచు పట్టిన ఆకు మీద ఎండ పడితే మాడిపోతుందట. ఇద్దరు ఆడవాళ్లు గొట్టాలు పట్టుకుని, తలకి మఫ్లర్లు చుట్టుకుని ఆ పనే చేస్తున్నారు. వాళ్ల వేళ్లు చూస్తే నాకు చలి ఇంకా ఎక్కువైంది. మే నెలలో పూల ప్రదర్శనకి వచ్చి మురిసిపోయేవాళ్లకి ఈ జనవరి చేతులు కనబడవు.

ఈ తోట పుట్టిన కథ నీకు నచ్చుతుంది. 1840ల్లో ఇక్కడి దొరలు కూరగాయల కోసం చందాలేసుకుని పెట్టుకున్న పెరడు ఇది. అది సరిగా సాగక, 1848లో మెకైవర్ అనే ఆయన్ని పిలిపించారు. ఈయనా క్యూలో నేర్చుకున్నవాడే. నిటారు కొండవాలూ, కింద బురదనేలా. దాన్నే మెట్లుమెట్లుగా మలిచాడు. కూరగాయల తంటాల్లోంచి ఇంత తోట వచ్చింది. మన వీధిలో కొబ్బరికాయల తగువు ముప్పై ఏళ్లుగా ఉంది, అందులోంచి ఏమీ రాలేదు.

నిన్న రాత్రి హోటలు గదిలో ప్లాన్లు గీయించారు. చెట్టుని ఇప్పుడున్న సైజులో గీయకూడదు, పూర్తిగా పెరిగాక ఎంత వెడల్పో ఆ గుండ్రం గీయాలి. నిద్రగన్నేరు పెడితే కాగితంలో సగం అదే అయిపోతుంది. డబ్బులిచ్చేవాడికి మాత్రం గృహప్రవేశం రోజుకే పచ్చగా నిండిపోవాలి. ఈ రెంటికీ మధ్య పడే తంటాలే ఈ ఉద్యోగం. నాలుగేళ్లలో తీసేయగలిగిన మొక్కలతో ఖాళీ నింపి, పెద్ద చెట్లకి చోటు కాపాడాలి. మనమేమో అపార్టుమెంటు వాళ్లడిగితే గోడవారన మూడడుగులకో ఫైకస్ చొప్పున ఇచ్చి పంపేస్తాం. పదేళ్లకి వేళ్లు డ్రైనేజీలోకి దూరాక వాళ్లు తిట్టేది చెట్టుని, మనల్ని కాదు. నాన్నకి ఇది కోపం తెప్పిస్తుంది, అయినా రాయక తప్పదు.

ఈ పనిలోకి రెండు గుమ్మాలున్నాయి. ఆర్కిటెక్చర్ చదివి ల్యాండ్‌స్కేప్‌లో పై డిగ్రీ చేసేవాళ్లది ఒకటి, ఢిల్లీ ఎస్పీఏ, అహ్మదాబాద్ సెప్ట్ అలాంటివి. మనబోటి హార్టీకల్చర్ వాళ్లు ఎమ్మెస్సీలో పూలూ ల్యాండ్‌స్కేపింగూ తీసుకుంటారు. ఆర్కిటెక్చర్ వాళ్లకి వాలూ గోడా మురుగునీటి దారీ బాగా తెలుసు. మనకి మట్టీ వేరూ తెగులూ తెలుసు. ఒకరినొకరు కొంచెం చిన్నచూపు చూసుకుంటారని సారే ఒప్పుకున్నారు. నాకు మాత్రం రెండు వైపులా తోట దెబ్బతినేది ఒకే కారణం చేతననిపిస్తోంది: నాటింది ఒకరు, తర్వాత నీళ్లు పోసేది ఇంకొకరు, వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

నెల్లూరమ్మాయి మిరియాల కషాయం తెచ్చింది. తాగి పడుకుంటాను. ఇంటి మీద బెంగగా ఉంది. వదిన పురుడు ఎప్పుడన్నారు డాక్టరు? నేను వచ్చేదాకా ఆగమను.


కోయంబత్తూరు స్టేషన్
జనవరి 11, రాత్రి

తాతయ్యా,

జ్వరం పోయింది, ఆకలి తిరిగొచ్చింది. కొండరైలు టిక్కెట్లు దొరకలేదు, దాని పొగ మాత్రం కూనూరు దగ్గర బస్సు కిటికీలోంచి చూశాం. సిమ్స్ పార్కు గంటలో చుట్టేశాం.

బస్సులో పెద్ద యుద్ధం అయింది. నెల్లూరమ్మాయి ఇంత లావు హైడ్రాంజియా కుండీ కొంది. కండక్టరు దానికి లగేజీ టిక్కెట్టు కాదు, ఏకంగా ఫుల్ టిక్కెట్టు తీసుకోమన్నాడు. సీట్లో కూచోలేదు కదా అంది ఈ పిల్ల తెలుగులో. పూలు పక్కవాళ్ల మొహానికి తగులుతున్నాయన్నాడు ఆయన తమిళంలో. ఎవరి భాష ఎవరికీ రాకపోయినా ఒక్క మాట వృథా పోలేదు. బస్సు రెండుగా చీలిపోయింది. వెనక సీట్లో ముసలావిడ, పువ్వుకి టిక్కెట్టేంటి అని మావైపు. ఆఫీసుకి పోయే వాళ్లంతా కండక్టరు వైపు. చివరికి సగం టిక్కెట్టుకి రాజీ. కానీ కుండీ ఇంజను పక్కన పెట్టమన్నాడు. మేట్టుపాళయం వచ్చేసరికి ఆ వేడికి పూలన్నీ తలలు వేలాడేశాయి. సగం టిక్కెట్టు వెనక్కిమ్మని ఆ పిల్ల మళ్లీ మొదలుపెట్టింది. నేనేమీ కొనలేదు. ఊటీ మొక్క మన ఏప్రిల్‌కి బతకదని నువ్వు నన్ను తిట్టే అవకాశం ఇవ్వదలచుకోలేదు.

ఇప్పుడు అసలు మాట. డిగ్రీ అవగానే ఎమ్మెస్సీకి పరిగెత్తను. ముందు ఒక ఏడాది ఎక్కడైనా పెద్ద తోటలో చేతులతో పనిచేస్తాను, పెద్ద జీతం లేకపోయినా సరే. తుంచడం, కత్తిరించడం, ఎండాకాలం నీళ్లు సర్దడం, చచ్చిపోయిన మొక్క ఎందుకు చచ్చిపోయిందో కనుక్కోవడం రాకుండా కాగితం మీద గుండ్రాలు గీసి డబ్బులు తీసుకోవడం నాకిష్టం లేదు. సంబంధాల మాట ఆ ఏడాది ఎత్తొద్దని అమ్మకి నువ్వు చెప్పు. నాన్నకి చెప్పడం కూడా నీ వంతే. నువ్వు చెబితే ముందు అరుస్తాడు, తర్వాత వింటాడు. నేను చెబితే అరవడంతోనే ఆగిపోతుంది.

ఇంకోటి. నూతి వెనక పనస దగ్గరున్న పది సెంట్లు కార్పెట్ గడ్డికి కౌలుకిస్తానని నాన్న ఎవరికో మాటిస్తున్నాడని చిన్నోడు చెప్పాడు. ఇవ్వొద్దను. అక్కడ అమ్మకానికి కాని మొక్కలు పెడతాను. ఏది ఎంత పెరుగుతుందో ఏడాదికోసారి కొలిచి రాసుకుంటాను. కొనేవాళ్లకి చూపించడానికైనా పనికొస్తుందని చెప్పు, ఆ ముక్క నాన్నకి ఎక్కుతుంది.

భోగి పొద్దుటికి రాజమండ్రిలో దిగుతాను. చిన్నోణ్ని బండి వేసుకుని స్టేషన్‌కి రమ్మను, సామాను ఎక్కువుంది.

నీ మనవరాలు