పన్నెండు బైట్ల ఊరు

మా ఊరి పేరు రాయడానికి మూడక్షరాలు చాలు: ఐ, రా, ల. కంప్యూటరు లెక్క వేరు. ‘రా’లోని దీర్ఘాన్ని అది విడిగా లెక్కపెట్టుకుంటుంది కాబట్టి యూనికోడు ప్రకారం నాలుగు గుర్తులు. వెబ్బులో చెలామణీ అయ్యే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు. వెరసి ఐరాల 12 బైట్ల ఊరు. ఈ లెక్క ఎవరికి కావాలంటే, నాలాంటివాళ్లకి. వెబ్ సర్వరు పంపే జవాబుకు ముందు నడిచే హెడర్లను ప్రోగ్రాములో ఆబ్జెక్టులుగా రాయడం నాకు అన్నం పెట్టే పనుల్లో ఒకటి. ఇంత చిన్న విషయం మీద ఇంత బుర్ర ఎందుకు పెడతారని ఇంట్లోవాళ్లు అడుగుతుంటారు. చిన్నదే. అయితే చాలా చోట్ల కాలికి తగులుతుంది.

బ్రౌజరు ఒక పేజీ అడిగితే సర్వరు నేరుగా పేజీని చేతిలో పెట్టదు. ముందు దొరికిందో లేదో చెప్పే ఒక వరస, 200 అనో 404 అనో. తర్వాత హెడర్లు: పేరు, పక్కన కోలన్ గుర్తు, ఆ పక్కన విలువ, వరసకొకటి. ఆ తర్వాత ఒక ఖాళీ వరస. అప్పుడు అసలు సరుకు. బ్రౌజరూ సర్వరూ మాట్లాడుకునే ఈ పద్ధతి పేరు హెచ్‌టీటీపీ. 1991 నాటి తొలి హెచ్‌టీటీపీలో ఈ తతంగమేదీ లేదు. అడిగితే పేజీ వచ్చేది, తంతి తెగిపోయేది, అంతే. 1996 మేలో వెలువడిన 1.0 పత్రంలో హెడర్లు కాగితం మీదికెక్కాయి. వాటి రూపం ఈమెయిలు నుంచి తెచ్చుకున్నదే, 1982 నాటి ఆర్‌ఎఫ్‌సీ 822 అనే ప్రమాణ పత్రం ముచ్చట.

మా ఐరాల మండలంలోనే కాణిపాకం ఉంది. అక్కడి వరసిద్ధి వినాయకుడికి ప్రమాణాల దేవుడని పేరు. అప్పు తీర్చేశాననీ, గట్టు జరపలేదనీ, ఇక మందు ముట్టననీ, కోనేట్లో మునిగి ఆయన ముందు నిలబడి చెప్పేస్తే మా పక్క తగువు తీరినట్టే. రాజకీయ నాయకులు టీవీల్లో ‘దమ్ముంటే కాణిపాకం రా, ప్రమాణం చేద్దాం’ అని సవాలు విసురుకోవడం రాష్ట్రమంతా చూస్తూనే ఉంది. హెడరు కూడా సర్వరు చేసే ప్రమాణమే. సరుకు ఇంకా చేతికందలేదు. ‘రాబోయేది హెచ్‌టీఎమ్‌ఎల్, అక్షరాలు యూటీఎఫ్-8, పొడవు ఇన్ని బైట్లు, గంటసేపు దాచిపెట్టుకోవచ్చు’ అని ముందే ఒట్టేసి చెబుతుంది. ఆ మాట మీద బ్రౌజరు సిద్ధమవుతుంది.

వినాయకుడికి భయపడినట్టు సర్వర్లు ఎవరికీ భయపడవు. బొమ్మను పంపుతూ మామూలు పాఠమని చెప్పేవి, పాఠాన్ని పంపుతూ ఏమీ చెప్పనివి ఒకప్పుడు కోకొల్లలు. విసిగిపోయిన బ్రౌజర్లు ఒట్టును పక్కన పెట్టి సరుకునే వాసన చూసి తేల్చుకోవడం మొదలుపెట్టాయి. దాన్ని దొంగలు వాడుకున్నారు. బొమ్మ అన్న పేరుతో స్క్రిప్టు ఎక్కించేస్తే, బ్రౌజరు తెలివికి పోయి దాన్ని నడిపేది. చివరికి ‘నా మాట నమ్ము, వాసన చూడకు’ అని చెప్పడానికే ఇంకో హెడరు పుట్టింది: ఎక్స్-కంటెంట్-టైప్-ఆప్షన్స్, విలువ నోస్నిఫ్. 2009లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8 దీన్ని తెచ్చింది. ప్రమాణాన్ని నమ్మించడానికి మరో ప్రమాణం!

తెలుగు వెబ్బు బాల్యమంతా ఇలాంటి ఉత్తుత్తి ఒట్ల మీదే గడిచింది. ఈనాడు, వార్త లాంటి పత్రికలు యూనికోడుకు ముందు తమ సొంత ఫాంట్లతో వెబ్బులోకి వచ్చాయి. బ్రౌజరు లెక్కలో ఆ బైట్లు లాటిన్ అక్షరాలు. ఫాంటు మాత్రం వాటి చోట తెలుగు రూపాలు గీసేది. ఫాంటు దిగని కంప్యూటర్లో అదంతా గజిబిజి. ఏ పత్రిక బైట్లు ఏ తెలుగు అక్షరాలో తెలుసుకుని యూనికోడుకు మార్చడానికి ఫైర్‌ఫాక్స్‌లో ‘పద్మ’ అనే పొడిగింత ఉండేది. దాన్ని రాసిన వెన్న నాగార్జునే 2003 డిసెంబరు 10న తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టారు.

యూనికోడు వచ్చాక కూడా హెడరు నోరు మెదపకపోతే కష్టమే. సరుకు రకం చెప్పే కంటెంట్-టైప్‌లో చార్‌సెట్, అంటే అక్షరాల పద్ధతి, చెప్పకపోతే పాఠాన్ని లాటిన్-1గా అనుకోమని 1999 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2616 చెప్పింది. 2014లో గానీ ఆ నియమం పోలేదు. అలా చదివితే మా ఊరి పేరులోని ప్రతి గుర్తూ ఒకే జంటతో మొదలవుతుంది: నెత్తిన వాలుగీత ఉన్న ఇంగ్లీషు ‘ఏ’, దాని పక్కన డిగ్రీ సున్న. ఆ జంట నాలుగుసార్లు కనిపిస్తే ఐరాల అనుకోవాలన్నమాట.

ఈ ఒట్లను ప్రోగ్రాములో ఎలా పట్టుకోవాలి? తొందరలో ఉన్నవాడు నిఘంటువు లాంటి ఒక పట్టిక పెట్టేస్తాడు: పేరుకొక స్ట్రింగు, విలువకొక స్ట్రింగు. మధ్యాహ్నానికి పని అయిపోతుంది. సాయంత్రం నుంచి కష్టాలు.

మొదటిది పొడవు. కంటెంట్-లెంగ్త్ చెప్పాల్సింది బైట్లలో. జావాస్క్రిప్టులో ‘ఐరాల’ పొడవెంతని అడిగితే 4 అంటుంది. ఆ 4నే హెడర్లో రాసేస్తే అవతలివాడు 4 బైట్లు చదివి ఆపేస్తాడు. మూడు బైట్లకు ‘ఐ’ వస్తుంది, నాలుగోది తెగిన ముక్క, దాని చోట నల్లటి డైమండులో ప్రశ్నార్థకం. ఇంగ్లీషు పాఠంతో పరీక్షించినన్నాళ్లూ ఈ పొరపాటు బయటపడదు, అక్కడ అక్షరానికి బైటు సరిపోతుంది కాబట్టి. అందుకే పొడవును ఎవరో వచ్చి చెప్పే గడిగా ఉంచకూడదు. సరుకును పట్టుకున్న ఆబ్జెక్టే దాన్ని కొలిచి చెప్పాలి. ఆబ్జెక్టు అంటే డేటాకు సంచీ కాదని పుస్తకాలు చెప్పే మాటకు నాకు దొరికిన మంచి ఉదాహరణ ఇదే.

రెండోది పేరు. హెడరు పేర్లలో పెద్దబడి, చిన్నబడి తేడా లేదు. ఎలా రాసినా ఒకటే. 2015 నాటి హెచ్‌టీటీపీ/2 అయితే అన్నిటినీ చిన్నబడిలోనే పంపమంటుంది. మామూలు పట్టికకు ఆ సంగతి తెలియదు. ఒకే హెడరును రెండు రూపాల్లో రెండుసార్లు దాచుకుంటుంది. సరే, అన్నిటినీ చిన్నబడికి మార్చేద్దామంటే అందులోనూ ఒక తిరకాసు. టర్కీ భాషలో పెద్దబడి ‘ఐ’కి చిన్నబడి రూపం చుక్కలేని వేరే అక్షరం. జావాలో భాష ఏదో చెప్పకుండా మార్చేస్తే టర్కీ అమరికతో నడిచే యంత్రంలో, అంతా పెద్దబడిలో వచ్చిన కంటెంట్-డిస్పొజిషన్ (దించుకునే ఫైలు పేరు చెప్పే హెడరు) దొరకకుండా పోతుంది. కాబట్టి హెడరు పేరు స్ట్రింగుగా కాక, ఎవరితో సమానమో తనకే తెలిసిన ఒక చిన్న క్లాసుగా ఉంటే మంచిది.

మూడోది కుకీలు. ఒకే పేరుతో చాలా హెడర్లు రావచ్చు. సాధారణంగా వాటిని కామాలతో కలిపి ఒక్కటిగా చదువుకోవచ్చు. సెట్-కుకీకి మాత్రం ఆ సౌకర్యం లేదు. దాని గడువు తేదీలో వారం పేరు తర్వాత కామా ఉంటుంది. కలిపితే ఎక్కడ విడదీయాలో తెలియదు. జావా సర్వ్‌లెట్లలో సెట్‌హెడర్, యాడ్‌హెడర్ అని రెండు వేర్వేరు మెథడ్లు ఉండటానికి కారణం ఒకే పేరుతో చాలా హెడర్లు రావడమే: ఒకటి పాతదాన్ని తుడిచేస్తుంది, ఇంకోటి పక్కన చేరుస్తుంది. సెట్‌హెడర్ వాడి రెండో కుకీ పెడితే, మొదటి కుకీ చప్పుడు లేకుండా మాయమవుతుంది. బ్రౌజర్లలోని ఫెచ్ హెడర్ల ఆబ్జెక్టుకు కూడా కుకీల కోసమని ప్రత్యేకంగా ఒక మెథడు ఆలస్యంగా చేర్చాల్సి వచ్చింది.

నాలుగోది విలువ. ‘ఇప్పుడు తీరిక లేదు, మళ్లీ రా’ అని చెప్పే రిట్రై-ఆఫ్టర్ హెడరులో 120 అని సెకన్లు ఉండొచ్చు, లేదా ఫలానా రోజు ఫలానా గంటకని పూర్తి తేదీ ఉండొచ్చు. స్ట్రింగుగా వదిలేస్తే వాడే ప్రతివాడూ ఆ రెండింటినీ విడదీసే కోడు తన దగ్గర రాసుకోవాలి. సగంమంది తేదీ సంగతి మరచిపోతారు. అదే ఒక క్లాసుకు అప్పగించి ‘ఇంకా ఎంతసేపు ఆగాలి?’ అని అడిగితే, లోపల సెకన్లున్నా తేదీ ఉన్నా జవాబు ఒకటే రూపంలో వస్తుంది. పాలిమార్ఫిజం గురించి ఆవులూ కుక్కలూ అరిచే ఉదాహరణలతో నేర్చుకున్న పిల్లలకు ఇది చూపిస్తే కళ్లు మెరుస్తాయి.

విలువలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. వాడుకరి టైపు చేసిన మాటను అలాగే హెడర్లో పెట్టేస్తే, అతను మధ్యలో వరస మార్చే గుర్తు దూర్చి తనకు కావలసిన కొత్త హెడరును పుట్టించగలడు. సర్వరు నోట పరాయివాడి ఒట్టు! అలాంటి విలువను పుట్టేటప్పుడే తిప్పికొట్టాలి. ఆబ్జెక్టును పుట్టించే కన్‌స్ట్రక్టరుకు ఇంతకన్నా గౌరవమైన పని లేదు.

ఐదోది, ఏ హెడరు ఎవరిది అన్న ప్రశ్న. డాట్‌నెట్‌లో కంటెంట్-టైప్‌ను జవాబు హెడర్లలో వెతికితే దొరకదు. మొండిగా అడిగితే హెడరు పేరు తప్పుగా వాడావని ఎక్సెప్షను విసురుతుంది. అది సరుకు గురించిన మాట కనుక సరుకు ఆబ్జెక్టు దగ్గరే ఉంటుందని వాళ్ల వాదం. మొదటిసారి ఎవరికైనా చిర్రెత్తుకొస్తుంది. కుదురుగా ఆలోచిస్తే నాకైతే అది న్యాయంగానే తోచింది. సర్వరు తన గురించి చెప్పేది వేరు, పంపుతున్నదాని గురించి చెప్పేది వేరు.

ఆరోది కాలం. హెడర్లు ఒకసారి తంతి మీదికెక్కాక వెనక్కి రావు. పీహెచ్‌పీలో కోడు మొదలయ్యే గుర్తుకు ముందు ఒక ఖాళీ వరస మిగిలిపోతే చాలు, సరుకు బయల్దేరినట్టే. ఆ తర్వాత హెడరు పెట్టబోతే హెడర్లు ఇప్పటికే వెళ్లిపోయాయని హెచ్చరిక. సర్వ్‌లెట్లు ఇంకా మౌనమునులు: జవాబు కదిలాక పెట్టిన హెడరును పట్టించుకోకుండా ఊరుకుంటాయి. మాట నోరు దాటాక దిద్దుకోలేమన్న సంగతిని టైపులోనే చెప్పేయడం మేలు. పీహెచ్‌పీవాళ్లే 2015లో ఒప్పుకున్న పీఎస్‌ఆర్-7 పద్ధతిలో హెడరు మార్చమంటే ఉన్న ఆబ్జెక్టు మారదు, కొత్తది చేతికొస్తుంది. 2018లో జావా 11తో వచ్చిన హెడర్ల క్లాసు చదువుకోవడానికే, రాయడానికి కాదు.

ఇక మా ఊరి పేరు హెడరులోనే ఎక్కాలంటే? ఎవరైనా ‘ఐరాల’ పేరుతో ఉన్న ఫైలును దించుకోవాలనుకోండి. హెడరులో తెలుగు అక్షరాలను నేరుగా పెట్టడం క్షేమం కాదు. అక్కడ నమ్మకంగా నడిచేది ఇంగ్లీషు అక్షరాల పాత ఆస్కీనే. ఆర్‌ఎఫ్‌సీ 8187 చెప్పినట్టు ప్రతి బైటునూ శాతం గుర్తు, రెండు అంకెల హెక్స్‌గా మార్చాలి. 12 బైట్లు 36 గుర్తులవుతాయి. ఈ మార్పిడిని ప్రతి పేజీలో ఎవరో చేత్తో చేస్తారని ఆశించడం అత్యాశ. ఫైలు పేరు తీసుకున్న క్లాసు తానే చేయాలి. లేకపోతే తెలుగు పేర్లన్నీ ‘డౌన్‌లోడ్’ అనో ‘ఫైల్1’ అనో మారిపోతాయి, జనం కూడా అలవాటుపడిపోతారు.

ఇంతవరకూ చెప్పింది చదివితే, ప్రతి హెడరుకూ ఒక క్లాసు రాసి, జాబితా మూసేసి, తాళం వేసుకోవాలనిపిస్తుంది. ఆ ఉత్సాహమే అన్నిటికన్నా ప్రమాదం. ‘ఇకమీదట హెచ్‌టీటీపీఎస్‌లోనే నాతో మాట్లాడు’ అని బ్రౌజరుకు చెప్పే స్ట్రిక్ట్-ట్రాన్స్‌పోర్ట్-సెక్యూరిటీ హెడరు 2012 నవంబరులో ప్రమాణ పత్రమైంది. అంతకు ముందే ఎవరో ఒక మధ్యవర్తి సర్వరు రాసి, తనకు తెలిసిన హెడర్లతో జాబితా మూసి, మిగతావాటిని చెత్తగా పారేశారనుకోండి. వెనకున్న సర్వరు ఎంత శ్రద్ధగా ఆ మాట చెప్పినా బ్రౌజరు దాకా చేరదు. ఎర్రర్ రాదు, పేజీ చక్కగా తెరుచుకుంటుంది, రక్షణ మాత్రం ఉండదు.

మా పక్క పెద్దోళ్లు పంచాయితీల్లో అంటుంటారు, ‘తెలిసిందానికి గట్టిగా నిలబడల్ల, తెలీందాన్ని తారుమారు జేయగూడదు’ అని. హెడర్ల క్లాసుకు నేను పెట్టుకున్న నియమం అదే. పొడవు, తేదీ, కుకీ, ఫైలు పేరు లాంటి తెలిసినవాటి దగ్గర రవంత కూడా సడలకూడదు. పేరు తెలియని హెడరు వస్తే వరస తెంచే గుర్తులేవీ లేవని మాత్రం చూసుకుని, విలువను ముట్టుకోకుండా ముందుకు దాటించాలి. రేపు ఏ ఊళ్లో ఎవరు ఏ కొత్త హెడరు కనిపెడతారో ఈరోజు క్లాసు రాసేవాడికి తెలియదు. తెలియనక్కర్లేకుండా రాయడమే అతని పని.